ఫ్లూ జ్వరంలో ముక్కు దిబ్బడ: ఉపశమన మార్గాలు, జాగ్రత్తలు

"పడిశం పది రోగాల పెట్టు" అని మన పెద్దలు అంటారు. పడిశం తనంతట తాను తగ్గేదే అయినా, దానిని తగ్గించాలన్న ఆతురతలో మనం చేసే కొన్ని పనులు కొత్త బాధలను తెచ్చిపెడతాయి. కొన్నేళ్ల క్రితం మా పాఠశాలలో రెండవ తరగతి చదివే ఒక బాలిక మూడు వారాలు బడికి రాలేదు. జ్వరం నాలుగు రోజులలోనే తగ్గింది. మిగిలిన రోజులన్నీ ఆవిరి పట్టేటప్పుడు గిన్నె ఒరిగి, మరుగునీరు తొడలపై పడి కాలిన పుండ్లు మానడానికే పట్టాయి. ముక్కు దిబ్బడకు ఏది మేలు చేస్తుందో, ఏది కీడు చేస్తుందో ప్రతి ఇంటివారూ ముందే తెలుసుకొని ఉండడం అవసరం.

ముక్కు ఎందుకు మూసుకుపోతుంది?

చీమిడి నిండడం వల్లనే ముక్కు మూసుకుపోతుందని చాలామంది భావిస్తారు. అది సగం మాత్రమే నిజం. ముక్కు లోపలి గోడలకు మెత్తని పొర ఉంటుంది. ఆ పొరలో సన్నని రక్తనాళాలు దట్టంగా అల్లుకొని ఉంటాయి. ఫ్లూ వైరస్ సోకినప్పుడు శరీరం దానిని ఎదిరించే క్రమంలో ఈ నాళాలలోకి రక్తం ఎక్కువగా చేరి పొర ఉబ్బుతుంది. గాలి పోయే దారి ఇరుకవుతుంది. అందుకే ఎంత చీదినా ఒక్కొక్కసారి ముక్కు తెరుచుకోదు. బలంగా చీదితే వాపు తగ్గదు సరికదా, ముక్కులోని స్రావం వెనుకకు పోయి చెవినొప్పి రావచ్చు. ఒక రంధ్రాన్ని వేలితో మూసి, రెండవదానిని నెమ్మదిగా చీదడమే సరైన పద్ధతి.

పడుకున్నప్పుడు తలవైపు రక్తం ఎక్కువగా చేరుతుంది కనుక రాత్రివేళ దిబ్బడ హెచ్చుతుంది. ఒక పక్కకు ఒత్తిగిలితే కింది వైపు ముక్కు మూసుకుపోయి, పైవైపు కొంత తెరుచుకుంటుంది. పెద్దవారు తల కింద అదనంగా ఒక దిండు పెట్టుకొని, అవసరాన్నిబట్టి పక్క మార్చుకుంటే నిద్ర పడుతుంది. పసిపిల్లలకు మాత్రం దిండు పెట్టరాదు.

సాధారణ జలుబుకు, ఫ్లూకు భేదం ఉంది. జలుబు తుమ్ములతో, ముక్కు కారడంతో నెమ్మదిగా మొదలవుతుంది. ఫ్లూ హఠాత్తుగా తీవ్రమైన జ్వరం, ఒళ్లు నొప్పులు, తలనొప్పి, పొడి దగ్గు, నీరసంతో వస్తుంది. మన దేశంలో ఇది వర్షాకాలంలో ఒకసారి, జనవరి నుండి మార్చి వరకు మరొకసారి ఎక్కువగా కనిపిస్తుంది. సాధారణంగా జ్వరం మూడు నుండి ఐదు రోజులు ఉంటుంది. దగ్గు, ముక్కు బాధ ఒకటి రెండు వారాలు సాగవచ్చు.

ఉప్పునీరు

ఖర్చు లేనిది, సరిగా చేసుకుంటే ప్రమాదం లేనిది ఉప్పునీటి వైద్యం. యోగాభ్యాసంలోని జలనేతి కూడా ఇదే కోవకు చెందినది. గట్టిపడిన చీమిడిని ఉప్పునీరు పలుచన చేసి బయటకు తెస్తుంది.

తయారుచేసే విధానం: పావు లీటరు నీటిని ఐదు నిమిషాలు కళపెళ మరిగించాలి. అందులో టీ చెంచాతో అర చెంచా మెత్తని ఉప్పు కలపాలి. మూతపెట్టి గోరువెచ్చగా అయ్యేదాకా చల్లార్చాలి. శుభ్రమైన చిన్న సీసాతోగాని, సూది తీసివేసిన కొత్త సిరంజితోగాని వాడవచ్చు. పెద్దవారు సింకు వద్ద ముందుకు వంగి, తల ఒక పక్కకు వాల్చి, నోటితో గాలి పీలుస్తూ పై ముక్కు రంధ్రంలో నెమ్మదిగా పోసుకోవాలి. నీరు రెండవ రంధ్రం నుండి బయటకు వస్తుంది. రోజుకు రెండు మూడు సార్లు చేసుకోవచ్చు. మిగిలిన నీటిని మరునాటికి ఉంచరాదు.

బావినీటిని, కుళాయి నీటిని, బోరునీటిని మరిగించకుండా ముక్కులో పోసుకోరాదు. తాగితే హాని చేయని సూక్ష్మజీవులు కొన్ని ముక్కు ద్వారా ప్రవేశిస్తే మెదడుకు చేరి ప్రాణాంతకం కాగలవు. నీరు చూడడానికి ఎంత తేటగా ఉన్నా ఈ నియమాన్ని మీరరాదు.

ఆవిరి

ఆవిరి పట్టితే ముక్కు కొంతసేపు తేలికపడినట్లుంటుంది. అంతకుమించి అది వైరస్‌ను చంపదు, జ్వరాన్ని తగ్గించదు. లాభం ఇంత స్వల్పమైనప్పుడు దాని ప్రమాదాన్ని తూచి చూడాలి. పొయ్యి మీదినుండి దించిన గిన్నె ముందు దుప్పటి కప్పుకొని కూర్చున్న పిల్లవాడు దగ్గినా, ఉక్కిరిబిక్కిరై కదిలినా, మరుగునీరు ఒడిలో పడుతుంది. కనుక పిల్లలకు గిన్నెతో ఆవిరి పట్టించకపోవడమే మంచిది. స్నానాల గదిలో వేడినీరు తోడి, ఆ వెచ్చని గాలిలో బిడ్డను ఎత్తుకొని కొద్దిసేపు కూర్చున్నా చాలు. అప్పుడైనా వేడినీటి బకెట్టు బిడ్డకు అందనంత దూరంలో ఉండాలి.

పెద్దవారు ఆవిరి పట్టదలచుకుంటే గిన్నెను ఒడిలోగాని, మంచం మీదగాని పెట్టుకోరాదు. కదలని బల్లపై ఉంచి, నీరు మరగడం ఆగిన తరువాత, ముఖాన్ని తగినంత ఎడంగా ఉంచాలి.

కర్పూరం, బామ్, సాంబ్రాణి, నూనె

ఘాటైన బామ్ రాయగానే ముక్కు తెరుచుకున్నట్లు తోస్తుంది. అందులోని మెంథాల్ ముక్కులో చల్లదనాన్ని గ్రహించే నాడులను తట్టిలేపడమే దీనికి కారణం. లోపలి వాపు మాత్రం అలాగే ఉంటుంది. పెద్దవారు ఛాతీకి రాసుకుంటే దోషం లేదు. ముక్కు రంధ్రాలలో రాయరాదు. రెండేళ్లలోపు పిల్లలకు అసలే వాడరాదు.

కర్పూరం విషయంలో మరింత మెలకువ అవసరం. చంటిబిడ్డ చొక్కాకు కర్పూరం మూట కట్టడం మన ఊళ్లలో చూస్తుంటాం. ఆ మూట నోట్లోకి పోయి బిడ్డ కొద్దిపాటి కర్పూరం మింగినా మూర్ఛలు రావచ్చు. స్నానం చేయించాక సాంబ్రాణి ధూపం వేయడం కూడా ఆచారంగా ఉంది. పొగ ఏదైనా పొగే. ఇప్పటికే వాచిన ముక్కును అది మరింత వాపిస్తుంది. వంట పొగ, బీడీ సిగరెట్ల పొగ, దోమల చక్రం పొగ కూడా అంతే.

ముక్కులో ఆముదం, నువ్వుల నూనె, ఆవనూనె చుక్కలు వేయడం సరిహద్దుకు ఇరువైపులా కనిపించే అలవాటు. పసిబిడ్డ దానిని ఊపిరితో లోపలికి పీల్చితే నూనె ఊపిరితిత్తులలో చేరి న్యుమోనియాకు దారితీస్తుంది. అమ్మమ్మలు, నాయనమ్మలు ప్రేమతో చేసే పని ఇది. కారణం వివరించి చెబితే వారు తప్పక మానుకుంటారు.

ఆహార పానీయాలు

మనం మిరియాల చారు అన్నా, తమిళనాట మిళగు రసం అన్నా, కన్నడిగులు మెణసిన సారు అన్నా పని ఒక్కటే. వెచ్చని ద్రవం గొంతుకు హాయినిస్తుంది. మిరియపు కారం ముక్కు కారేటట్లు చేసి గట్టి చీమిడిని కదిలిస్తుంది. జ్వరంలో చెమట ద్వారా పోయిన నీరు తిరిగి చేరుతుంది. కోడి రసం, గంజి, పలుచని మజ్జిగ, కొబ్బరినీరు ఇవ్వవచ్చు. పెరుగు, అరటిపండు తిన్నందువల్ల జలుబు రాదు. జలుబు వైరస్ వల్ల వస్తుంది. రోగికి ఇష్టమైతే వాటిని మాన్పించనక్కరలేదు.

ఏడాది దాటిన పిల్లలకు పడుకునే ముందు అర చెంచా తేనె ఇస్తే దగ్గు కొంత నెమ్మదిస్తుంది. ఏడాదిలోపు బిడ్డకు తులసి రసంలో కలిపి అయినా తేనె నాకించరాదు. బొట్యులిజం అనే అరుదైన, తీవ్రమైన వ్యాధి దాని వల్ల రావచ్చు.

మందుల దుకాణంలో దొరికేవి

ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ అనే మందులున్న ముక్కు చుక్కలు ఉబ్బిన రక్తనాళాలను ముడుచుకునేటట్లు చేస్తాయి. కొద్ది నిమిషాలలోనే గాలి ఆడుతుంది. ఆ సుఖమే ప్రమాదం. మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు దాటి వాడితే, మందు ప్రభావం తగ్గగానే పొర మునుపటికంటే ఎక్కువగా ఉబ్బుతుంది. మళ్లీ చుక్కలు వేయక తప్పదు. ఈ విధంగా నెలల తరబడి సీసాకు అలవాటుపడినవారు ఉన్నారు. రక్తపోటు, గుండె జబ్బు, నీటికాసులు ఉన్నవారు, గర్భవతులు, చిన్నపిల్లలు వైద్యుని సలహా లేకుండా వీటిని వాడరాదు. కేవలం ఉప్పునీటితో తయారైన సెలైన్ చుక్కలు వేరు. వాటికి ఈ దోషం లేదు. రెండింటి సీసాలూ ఒకే తీరుగా ఉండవచ్చు కనుక పేరు అడిగి తీసుకోవాలి.

జలుబు మాత్రలలో తరచుగా ఉండే ఫినైలెఫ్రిన్ నోటి ద్వారా తీసుకుంటే ముక్కు దిబ్బడపై పనిచేయడం లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సలహా సంఘం 2023లో తేల్చింది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని అదే ఏడాది డిసెంబరులో మన దేశ ఔషధ నియంత్రణ అధికారి ఆదేశించారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో కలుషితమైన దగ్గు మందు తాగి చిన్నారులు మరణించారు. ఆ తరువాత కేంద్ర ఆరోగ్య శాఖ, రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వరాదని, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా అవి తగవని సూచించింది.

ఫ్లూ వైరస్ జబ్బు కనుక యాంటీబయాటిక్ మాత్రలు దానిపై పనిచేయవు. జ్వరానికి పారాసెటమాల్ చాలు. పిల్లలకు బరువునుబట్టి మోతాదు ఉంటుంది. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు.

సరిహద్దు గ్రామాలవారికి ప్రత్యేకంగా ఒక మాట. ఉదయం ఒక రాష్ట్రంలోని వైద్యునికి చూపించి, సాయంత్రం ఎల్ల దాటి మరొకరి వద్దకు వెళ్లడం మనకు మామూలే. ఇద్దరూ వేర్వేరు పేర్లతో ఒకే మందు వ్రాసి ఉండవచ్చు. జలుబు మాత్రలు చాలావాటిలో పారాసెటమాల్ కూడా ఉంటుంది. రెండూ కలిసి మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది. కాబట్టి చీటీని, ఖాళీ మాత్రల అట్టను పారవేయక రెండవ వైద్యునికి చూపాలి.

చంటిబిడ్డల విషయం

మొదటి కొద్ది నెలలు బిడ్డ ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి తీస్తుంది. ముక్కు మూసుకుపోతే పాలు తాగలేక రొమ్ము వదిలి ఏడుస్తుంది. పాలు పట్టడానికి కొన్ని నిమిషాల ముందు ఒక్కొక్క రంధ్రంలో రెండు సెలైన్ చుక్కలు వేసి, మెత్తబడిన చీమిడిని శుభ్రమైన మెత్తని గుడ్డ కొసతో తుడవాలి. నోటితో పీల్చి తీయరాదు. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పాలివ్వాలి. తల్లికి ఫ్లూ ఉన్నా మాస్కు ధరించి, చేతులు కడుక్కొని పాలివ్వవచ్చు.

వైద్యుని వద్దకు ఎప్పుడు వెళ్లాలి?

బిడ్డ నిశ్చలంగా ఉన్నప్పుడు పొట్ట కదలికలను నిండు నిమిషంపాటు లెక్కించాలి. రెండు నెలలలోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నుండి పన్నెండు నెలల వరకు 50, ఒకటి నుండి ఐదేళ్ల వరకు 40, లేదా అంతకుమించి శ్వాసలు ఉంటే అది వట్టి ముక్కు దిబ్బడ కాదు. డొక్కలు ఎగరవేయడం, పెదవులు నీలం కావడం, పాలు తాగలేకపోవడం, మత్తుగా పడి ఉండడం, మూర్ఛ ప్రమాద సూచనలు. రెండు నెలలలోపు బిడ్డకు జ్వరం వస్తేనే ఆలస్యం చేయరాదు. పెద్దవారిలో ఆయాసం, ఛాతీనొప్పి, మాటల తడబాటు, తగ్గిన జ్వరం మళ్లీ రావడం గమనించాలి. ముక్కు దిబ్బడ పది రోజులు దాటినా చూపించుకోవాలి. పిల్లవానికి ఒక వైపు ముక్కు మాత్రమే మూసుకుపోయి దుర్వాసన వస్తే చింతగింజో, పూసో దూరి ఉండవచ్చు.

గర్భవతులు, వృద్ధులు, మధుమేహం, ఉబ్బసం, గుండె జబ్బులున్నవారు ఫ్లూ లక్షణాలు మొదలైన రెండు రోజులలోపే వైద్యుని కలవడం మేలు. ఆసెల్టమివిర్ అనే మందు అవసరమైనవారికి ఆ గడువులో మొదలుపెడితేనే ఎక్కువగా ఉపకరిస్తుంది.

పొరుగు భాషలో చెప్పవలసినప్పుడు

కంగారులో మాట తట్టదు. ఈ మాటలను కాగితంపై వ్రాసి ఉంచుకోవచ్చు.

కన్నడం: జలుబు – నెగడి, ముక్కు మూసుకుపోయింది – మూగు కట్టిదె, ఊపిరాడడం కష్టం – ఉసిరాటద తొందరె.

తమిళం: జలదోషం, సళి, మూక్కడైప్పు, మూచ్చు తిణరల్.

ఒడియా: థండా, సర్ది, నాక బంద్, నిశ్వాస నేబారె కష్ట.

మరాఠీ: సర్దీ, పడసే, నాక చోందలే, శ్వాస ఘ్యాయలా త్రాస. మన "పడిశం", వారి "పడసే" ఎంత దగ్గరగా వినిపిస్తాయో గమనించండి.

అత్యవసర సమయంలో 108కి ఫోను చేసినప్పుడు ఊరి పేరుతోపాటు తాలూకా లేదా మండలం, జిల్లా, రాష్ట్రం కూడా స్పష్టంగా చెప్పాలి. ఒకే పేరుతో ఎల్లకు అటూ ఇటూ ఊళ్లున్నాయి.

ముగింపు

"మందు తింటే వారం, తినకపోతే ఏడు రోజులు" అని జలుబు గురించి పరిహాసంగా అంటారు. ఆ ఏడు రోజులు గడిపించడానికి మరిగించిన ఉప్పునీరు, వెచ్చని చారు, ఎత్తుగా పెట్టుకున్న దిండు, విశ్రాంతి చాలు. జ్వరం తగ్గి ఒక రోజు గడిచేవరకు పిల్లలను బడికి పంపవద్దు. హాజరు పోతుందన్న బెంగ వద్దు. పోయిన పాఠాన్ని తిరిగి చెప్పడానికి ఉపాధ్యాయులం మేమున్నాము. కాలిన తొడను, ఆగిన ఊపిరిని సరిదిద్దడం మా చేతిలో లేదు.