పూటకూళ్ళ ఇంటి నుంచి బాయి హోటల్ దాకా

క్రీడాభిరామాన్ని మన పండితులు శృంగారం కోసం చదివారు, కాకతీయుల నాటి ఓరుగల్లు వైభవం కోసం చదివారు. అది వినుకొండ వల్లభరాయుడిదా, శ్రీనాథుడిదా అన్న వివాదానికి ఖర్చయిన కాగితంలో పదోవంతు కూడా అందులోని పూటకూళ్ళ ఇంటికి ఖర్చు కాలేదు. నా దృష్టిలో ఆ కావ్యంలో అన్నిటికన్నా ఆధునికమైన ఘట్టం అదే. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు నగరమంతా తిరుగుతారు. ఆకలి వేస్తుంది. ఇంత పెద్ద పట్నంలో తక్కువ డబ్బుకి మంచి తిండి ఎక్కడ? ఊరు కాని ఊరు వెళ్ళిన ప్రతివాడికీ ఎదురయ్యే ప్రశ్నే ఇది. కవి జవాబు కూడా ఇచ్చాడు. లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఒక్క రూకకి సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు దొరుకుతాయట. ధరతో సహా భోజనాన్ని నమోదు చేసిన ఇలాంటి పద్యాలు మన సాహిత్యంలో ఎక్కువ లేవు.

సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఈ కావ్యాన్ని విరివిగా వాడుకున్నారు. రాజుల జాబితాలు పక్కన పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆడారు అని అడిగిన చరిత్ర అది. ఆయన వేసిన దారిలో మరొక్క అడుగు వేయాలని నా ఉద్దేశం. జనం ఏం తిన్నారన్నది తెలిసింది. వండింది ఎవరు? ఆ రూక ఎవరి చేతిలో పడింది? ఇంటికి మగవాడి పేరుంది. తెల్లవారక ముందే పెసరపప్పు చెరిగిన మనిషికి పేరు లేదు. ఒక శర్మా, ఒక సెట్టీ కూర్చున్న ఆ పంక్తిలో ఓరుగల్లు కోటకి రాళ్ళు మోసినవాడు కూర్చోగలిగేవాడా అన్న ప్రశ్న కావ్యంలో ఎక్కడా తలెత్తదు.

తర్వాత కొన్ని శతాబ్దాలకు, గురజాడ 1892లో తొలిసారి ఆడించి 1909లో తిరగరాసిన 'కన్యాశుల్కం'లో, వండిన మనిషి స్వయంగా రంగస్థలం మీదకి వచ్చింది. పూటకూళ్ళమ్మ వితంతువు. ఆస్తి లేదు, అండ లేదు, ఉన్నది పొయ్యి ఒక్కటే. గిరీశం ఆమె అన్నం తిన్నాడు, ఆమె సొమ్మూ తిన్నాడు. ఆమె చీపురుకట్ట గిరీశాన్ని వదిలి రామప్పపంతులు మీద పడితే మనం నూరేళ్ళుగా నవ్వుతున్నాం. ఆ నవ్వులో ఒక సంగతి మరచిపోయాం. మధురవాణికి పేరుంది, మీనాక్షికి పేరుంది, బుచ్చమ్మకీ ఉంది. ఈమెకి మాత్రం వృత్తే పేరు. ఇది గురజాడ లోపమని నేను అనను. సమాజం ఆమెను ఎలా పిలిచిందో ఆయన అలాగే రాశాడు.

హైదరాబాద్ సంగతికి వస్తే అక్కడ ఇరానీ హోటల్ ఉంది. ఇరాన్ నుంచి, ఎక్కువగా యజ్ద్ ప్రాంతం నుంచి, బొంబాయి, పుణెల మీదుగా వచ్చినవాళ్ళు పెట్టిన ఈ హోటళ్ళ గురించి మనవాళ్ళు చాలానే రాశారు. చలవరాతి బల్ల, ఉస్మానియా బిస్కట్, ఒక కప్పు చాయ్‌తో గడిచిపోయే గంటలు. ఆబిడ్స్ ఓరియంట్ హోటల్లో మఖ్దూం మొహియుద్దీన్ కూర్చునేవాడన్నది సాహిత్య లోకానికి తెలిసిందే. ఆ బల్ల దగ్గర కులం అడిగేవాడు లేకపోవడం చిన్న విషయం కాదు. కానీ ఆ రాతల్లో ఎప్పుడూ కూర్చున్నవాళ్ళే ఉంటారు. కప్పులు కడిగిన పిల్లవాడి పేరు 'చోటూ'. నగరంలో వేల హోటళ్ళు, అన్నిటిలోనూ అదే పేరు! పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను హోటళ్ళలో పనికి పెట్టుకోకూడదని కేంద్రప్రభుత్వం నిషేధించింది 2006 అక్టోబరులో. అంతకు ముందు బడి నుంచి మాయమైన పిల్లల్ని వెతుక్కుంటూ ఉపాధ్యాయులం వెళ్ళింది ముందుగా హోటళ్ళకే.

2002లో డీఎస్సీ శిక్షణ కోసం వెళ్ళి చిక్కడపల్లిలో ఒక గదిలో నలుగురం ఉన్నాం. నలుగురమూ బొగ్గుబాయిల పిల్లలమే. చవక తిండి వెతకడం ఒక విద్య, ముందు వచ్చినవాడు వెనక వచ్చినవాడికి నేర్పేది. ఆటోవాళ్ళు ఎక్కడ ఆగుతారో చూడు, అద్దాల తలుపున్న చోటికి పోకు, ఉదయం ఖిచిడీ ఖట్టా తింటే మధ్యాహ్నం రెండు దాకా ఆకలి కాదు. ప్లేట్ భోజనానికీ ఫుల్ భోజనానికీ తేడా నెలాఖరున బాగా అర్థమవుతుంది. మమ్మల్ని నిజంగా బతికించింది కర్రీ పాయింట్. అన్నం గదిలో వండుకుని కూర పొట్లం కొనుక్కునేవాళ్ళం. 5 రూపాయల పప్పు ఇద్దరికి. గల్లీలో ఒక గది ముందు బల్ల, బల్ల మీద గిన్నెలు, గిన్నెల వెనక ఒక స్త్రీ. ఏడాది పాటు ఆమె చేతి కూర తిని పరీక్ష రాశాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆమె గురించి చెప్పమంటే 'కర్రీ పాయింట్ ఆంటీ' అనే తప్ప ఇంకో మాట రాదు నాకు.

ఇక మందమర్రి. సింగరేణిలో బొగ్గు తవ్వకం 1889లో ఇల్లెందు దగ్గర మొదలై, 1920లలో బెల్లంపల్లికి పాకి, 1950లలో మా మందమర్రికి వచ్చింది. అదే దశాబ్దంలో, 1952 గనుల చట్టం స్త్రీలు భూగర్భంలోకి దిగకూడదని శాసించింది. అంతకు ముందు కూడా ఈ నిషేధం ఉండేది. యుద్ధానికి బొగ్గు కావలసివచ్చినప్పుడు 1943లో ఎత్తేశారు, అవసరం తీరాక 1946లో మళ్ళీ పెట్టారు. స్త్రీని కాపాడటానికే అన్నారు. ఆ మాట అబద్ధమని అనను. కానీ బొగ్గు తప్ప మరో బతుకుతెరువు లేని ఊళ్ళో, బాయి పని మగవాడిదైనప్పుడు, భర్త పోయిన మనిషికి మిగిలేదేమిటి? బాయి గేటు ముందు పొయ్యి. చట్టం మూసిన తలుపు పక్కనే చవక హోటల్ పుట్టింది. 2019లో ఆ తలుపు కొంత తెరుచుకుంది గానీ అప్పటికి మూడు తరాలు గడిచిపోయాయి.

1955 గనుల నిబంధనల్లో 250 మందికి మించి పనిచేసే గనికి క్యాంటీన్ ప్రస్తావన ఉంది. అది కార్మికుల హక్కుగా వచ్చింది, మంచిదే. అయితే క్యాంటీన్ టోకెన్ పనివాడికే. బదిలీ పని దొరుకుతుందేమోనని మస్టర్ దగ్గర నిలబడి ఉత్త చేతులతో వెనుదిరిగేవాడికీ, ఊరి నుంచి కొడుకును చూడవచ్చిన తండ్రికీ గేటు బయటి రేకుల షెడ్డే దిక్కు. మా తాత తన ఊళ్ళో చాయ్ తాగాలంటే చూరులో చెక్కిన గ్లాసు తీసుకుని, బయట నిలబడి తాగి, తానే కడిగి పెట్టేవాడు. హోటళ్ళలో అటువంటి వివక్ష కూడదని 1950 నుంచి రాజ్యాంగం 15వ అధికరణం చెబుతూనే ఉంది. తట్టా చెమ్మసు పట్టిన మా బాపు అదే చాయ్‌ను బాయి హోటల్ బెంచీ మీద కూర్చుని తాగాడు. గ్లాసు వేరే వాళ్ళు కడిగారు. ఆ బెంచీ విలువ నాకు ఏ కావ్యమూ చెప్పలేదు.

ఆ హోటల్ నడిపినామెను అందరూ 'హోటలవ్వ' అనేవాళ్ళు. భర్త జబ్బుతో పోయాక పొయ్యి పెట్టింది. పూరీ, ఉప్మా, గారె, మిర్చి, చాయ్. షిఫ్ట్ మారే వేళ షెడ్డు నిండా బొగ్గు మొహాలు. తిండి నగదుకు తక్కువ, ఖాతాకు ఎక్కువ. ఆమెకు చదువు రాదు. బడి వదిలాక ఆ ఖాతా రాసేవాణ్ణి నేను. కూలి రెండు గారెలు. ఎవరి పేరు చెప్పినా ఎంత బాకీయో నోటితో చెప్పేది, నేను రాసేవాణ్ణి. అసలు ఆ పుస్తకం మావంటి పిల్లలకు గారెలు పెట్టడానికే ఉండేదేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. జీతాల రోజు సాయంత్రం గేటు దగ్గర నిలబడితే సగం వసూలయ్యేది. మిగతా సగం సారా దుకాణానికి ముందే చేరిపోయేది. 1993లో సారా నిషేధం వచ్చినప్పుడు ఊళ్ళో మొదట సంబరపడింది ఆమేనని మా అమ్మ చెబుతుంది.

2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె. నెలకు పైగా బాయిలు ఆగాయి. జీతాలు లేవు. ఆమె పొయ్యి ఆర్పలేదు. నూనె, పిండి సేటు దగ్గర అప్పు తెచ్చి ఖాతాలు నడిపింది. బొంబాయిలో ఇలాంటి చరిత్ర ఒకటి ఉంది. మిల్లు కార్మికులకు, అక్కడికి వలసపోయిన మన తెలంగాణా పద్మశాలీలు కూడా పనిచేసిన ఆ మిల్లుల వాళ్ళకు, ఇళ్ళల్లో వండిపెట్టే స్త్రీలను ఖానావళివాళ్ళు అంటారు. 1970ల మొదటి సమ్మెలో వాళ్ళు అప్పు మీదే అన్నం పెట్టారు. కమ్యూనిస్టు కార్యకర్త ప్రేమా పురావ్ వాళ్ళను కూడగట్టి 1975లో అన్నపూర్ణా మహిళా మండల్ స్థాపించింది, బ్యాంకు అప్పులు ఇప్పించింది. మన దగ్గర ఆ పని ఏ సంఘమూ తలపెట్టలేదు. సమ్మె మీద మనం రాసిన పాటల్లో, కథల్లో జెండా మోసినవాడు ఉన్నాడు, తుపాకీకి ఎదురు నిలిచినవాడు ఉన్నాడు. అప్పు రాసుకున్న మనిషి లేదు. నేను రాసిన రెండు కథల్లోనూ లేదు.

1990 ప్రాంతంలో లక్ష దాటిన సింగరేణి కార్మికులు తర్వాతి మూడు దశాబ్దాల్లో నలభై వేల దరిదాపులకు దిగారు. ఓపెన్‌కాస్టులు వచ్చాయి, మోటారు సైకిళ్ళు వచ్చాయి, షిఫ్ట్ దిగినవాడు నేరుగా ఇంటికే. 2014లో హైదరాబాద్‌లో 5 రూపాయల భోజనం మొదలైనప్పుడు పత్రికలు మెచ్చుకున్నాయి, నేనూ మెచ్చుకున్నాను. ఆ మరుసటి ఏడే హోటలవ్వ షెడ్డు తీసేసింది. మోకాళ్ళు పనిచేయడం లేదు.

ఆసరా పింఛను దరఖాస్తు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మొదటి గడి పేరు. కలం పట్టుకుని ఆగిపోయాను. వందల పేర్లు ఆమె ఖాతాలో రాసినవాణ్ణి.

"అవ్వా, నీ పేరేంది?"

చెప్పింది. రెండుసార్లు చెప్పించుకుని రాశాను. కింద వృత్తి అని ఉంది. అడగకుండానే 'హోటల్' అని రాశాను.

"అదేం రాసినవ్ బిడ్డా?"

చదివి వినిపించాను.

"వద్దు వద్దు, అది కొట్టెయ్. సంపాయిస్తున్నదని పింఛను ఆపుతరు."

కొట్టేసి, పక్కన 'ఏమీ లేదు' అని రాశాను. వేలిముద్ర వేసింది.