ఏడీహెచ్‌డీ ఇళ్లకు అండ: లండన్ ఉపన్యాసాల నుంచి చరోదా క్వార్టర్ల దాకా

ఏడీహెచ్‌డీ మెదడు ఎదుగుదలకు సంబంధించిన స్థితి. పిల్లల్లో అది మూడు రకాలుగా బయటపడుతుంది: మనసు ఒక పని మీద నిలవదు, ఒళ్లు ఒకచోట కుదురుగా ఉండదు, ఆలోచన పూర్తికాకముందే మాటో చెయ్యో ముందుకు దూకుతుంది. ఈ లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై, కనీసం ఆరు నెలలు సాగి, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తేనే వైద్యులు ఆ పేరు పెడతారు. తెలుగిళ్లలో దీన్ని ‘కుదురు లేదు’, ‘కాలు ఒకచోట నిలవదు’, ‘చెప్పింది చెవికెక్కదు’ అంటారు. ఆ మాటల వెనకే పెంపకం బాగాలేదన్న నింద వచ్చి తల్లి మీద పడుతుంది. ఆ నింద మోసిన కుటుంబమే చికిత్సలో ముఖ్య భాగస్వామి కావడానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది.

పేరు రాకముందు

జర్మన్ వైద్యుడు మెల్కియోర్ ఆడమ్ వైకార్డ్ 1775లోనే నిలకడలేని మనసు గురించి రాశాడు. 1798లో స్కాట్లండ్ వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ ఇంకొంచెం స్పష్టంగా చెప్పాడు. కొందరికి ఈ చంచలత్వం పుట్టుకతోనే వస్తుందనీ, చదువుకు అడ్డుపడుతుందనీ, వయసుతో పాటు చాలావరకు తగ్గుతుందనీ ఆయన గమనించాడు. తల్లిదండ్రులకు ధైర్యమిచ్చే మాటే అది. కానీ ఆ పుస్తకం అప్పట్లో ఇళ్ల దాకా చేరలేదు.

వైద్య చరిత్రలో తరచు చెప్పుకునే మలుపు 1902. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ మూడు ఉపన్యాసాలు ఇచ్చాడు. తెలివితేటలకు లోటు లేకపోయినా తమను తాము అదుపు చేసుకోలేని పిల్లల్ని ఆయన వర్ణించాడు. మంచి పెంపకం ఉన్న ఇళ్లలోనూ ఇలాంటి పిల్లలు ఉన్నారని చెప్పి తల్లిదండ్రుల మీది నిందను కొంత తగ్గించాడు. అయితే ఆ స్థితికి ఆయన వాడిన మాట ‘నైతిక నిగ్రహ లోపం’. అందులోని ‘నైతిక’ అన్న ముక్క పిల్లవాడి నడవడి మీద మచ్చగా చాలాకాలం మిగిలిపోయింది. 1917 తర్వాత ఐరోపాలోనూ అమెరికాలోనూ మెదడువాపు మహమ్మారి వ్యాపించింది. దాని నుంచి బతికి బయటపడిన పిల్లల్లో కొందరు విపరీతమైన చంచలత్వంతో మిగలడంతో, కారణాన్ని మెదడులో వెతకాలన్న ఆలోచన బలపడింది.

మందు, దాని వెంట పేరు

1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు తన ఆస్పత్రి పిల్లలకు బెంజిడ్రిన్ అనే ఉత్తేజక మందు ఇచ్చాడు. మెదడు పరీక్ష తర్వాత వచ్చే తలనొప్పి తగ్గుతుందని ఆయన ఆశ. తలనొప్పి సంగతి ఎలా ఉన్నా, 30 మందిలో 14 మంది చదువులో ఆశ్చర్యపడేంత మెరుగుపడ్డారు. 1944లో లియాండ్రో పానిజోన్ అనే రసాయన శాస్త్రవేత్త, తర్వాత ఏడీహెచ్‌డీకి ముఖ్య మందైన మిథైల్‌ఫెనిడేట్‌ను తయారుచేశాడు. భార్య రీటా పేరు మీద దానికి రిటాలిన్ అని పేరు పెట్టాడు.

పేరు మాత్రం మారుతూ వచ్చింది. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తన రుగ్మతల జాబితాలో 1968లో అతి చురుకుదనాన్నే ప్రధానంగా చూపింది. కెనడా మనస్తత్వవేత్త వర్జీనియా డగ్లస్ 1970లలో చేసిన పరిశోధనలు, అసలు ఇబ్బంది గెంతడం కంటే ధ్యాస నిలవకపోవడంలోనే ఎక్కువగా ఉందని చూపాయి. దాంతో 1980 జాబితాలో ధ్యాస లోపానికి పెద్దపీట దక్కింది. ఏడీహెచ్‌డీ అన్న నేటి పేరు 1987లో స్థిరపడింది. గోల చేయని, కిటికీ వైపు చూస్తూ కూర్చునే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, లెక్కలోకి రావడానికి దారి వేసింది 1980 నాటి మార్పే.

తల్లిదండ్రులకు శిక్షణ

మనోవిశ్లేషణ ప్రభావం బలంగా ఉన్న దశాబ్దాల్లో అమెరికా వైద్యులు పిల్లల ఇబ్బందులకు కారణాన్ని తల్లి ప్రవర్తనలో వెతకడం మామూలే. 1960లలో ఆరెగన్ రాష్ట్రంలో జెరాల్డ్ ప్యాటర్సన్ బృందం వేరే దారి పట్టింది. వాళ్లు ఇళ్లకు వెళ్లి, కూర్చుని చూశారు. పిల్లవాడు మారాం చేస్తే పెద్దవాళ్లు లొంగిపోవడం, మరుసటిసారి అతను మరింత గట్టిగా మారాం చేయడం, విసిగిపోయిన పెద్దవాళ్లు చెయ్యెత్తడం: ఇద్దరూ ఒకరినొకరు అదే వలయంలోకి లాక్కుంటున్నారని తేల్చారు. అదే రాష్ట్రంలో కాన్‌స్టన్స్ హాన్ఫ్ తల్లిదండ్రులకు రెండు దశల శిక్షణ రూపొందించింది. మొదట పిల్లవాడి మంచి పనిని గుర్తించి మెచ్చుకోవడం, ఆ తర్వాతే హద్దులు పెట్టడం. రసెల్ బార్క్లీ ఈ పద్ధతిని ఏడీహెచ్‌డీ ఇళ్లకు తగ్గట్టు మలచి 1987లో పుస్తకంగా తెచ్చాడు.

1999లో వెలువడిన ఎంటీఏ అనే అధ్యయనం మందునూ ఇలాంటి శిక్షణనూ పక్కపక్కన పెట్టి చూసింది. 579 మంది పిల్లలకు 14 నెలల పాటు చికిత్స ఇచ్చారు. ప్రధాన లక్షణాల మీద మందు బలంగా పనిచేసింది. మందుకు శిక్షణ తోడైన పిల్లలకు తక్కువ మోతాదు సరిపోయింది, వాళ్ల తల్లిదండ్రుల్లో సంతృప్తీ ఎక్కువ కనిపించింది. కుటుంబం నేర్చుకున్న నేర్పుకు కొలతతో కూడిన రుజువు దొరకడం ఈ చరిత్రలో చాలా పెద్ద విషయం.

ఇదే కాలంలో తల్లిదండ్రులు తమంతట తాముగా ఒక్కటయ్యారు. 1987లో ఫ్లోరిడాలో ఛాడ్ అనే సంఘం పుట్టింది. 1994లో ఎడ్వర్డ్ హాలోవెల్, జాన్ రేటీ తమ పుస్తకంలో, ఆటగాడి పక్కన నిలబడే కోచ్ లాంటి మనిషి ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దవాళ్లకు కావాలని రాశారు. రోజు పనిని ముక్కలు చేయడం, గుర్తుచేయడం, జరిగినదాన్ని కలిసి చూసుకోవడం ఈ కోచ్ పని. ఇది వైద్యానికి బదులు కాదు, వైద్యానికి తోడు.

భారతదేశపు దారి

కుటుంబాన్ని చికిత్సలోకి తేవడంలో భారతదేశం ఎవరికీ వెనకబడలేదు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల బంధువులను వాళ్లతోనే ఉంచాడు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల మానసిక ఆరోగ్య కేంద్రం కూడా మొదటినుంచీ రోగి పక్కన ఇంటి మనిషి ఉండే పద్ధతిని పాటించింది. 1984లో సికింద్రాబాద్‌లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ ఏర్పడ్డాక, తల్లిదండ్రులకు నేర్పడం తెలుగు నేలపై ఒక వృత్తి విద్యగా ఎదిగింది. ఆ కృషి ప్రధానంగా బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం జరిగినా, ఏడీహెచ్‌డీ ఇళ్లకు తర్వాత అందిన సాయానికి అదే పునాది.

చరోదా

హౌరా–ముంబై ప్రధాన రైలు మార్గం మీద, ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌ని ఆనుకుని ఉన్న ఊరు చరోదా. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఉక్కు కర్మాగారం కోసం ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభం: ఈ రెండు తేదీల మధ్య భిలాయ్ ఉక్కు నగరం రూపుకట్టింది. ఉక్కుకు కావలసిన ఖనిజం, బొగ్గు మోసే వ్యాగన్లను విడదీసి కూర్చే మార్షలింగ్ యార్డు చరోదాలో వెలిసింది. రైల్వే వాళ్లకు అది ‘బీఎంవై’. విజయనగరం–రాయ్‌పూర్ లైను 1931లో పూర్తయిన నాటి నుంచీ ఉత్తరాంధ్ర ఊళ్లకు ఈ ప్రాంతంతో రాకపోకలు ఉన్నాయి. అలా వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడి క్వార్టర్లలో స్థిరపడ్డాయి.

ఊరు విడిచి వచ్చిన ఇంటికి ఏడీహెచ్‌డీ విషయంలో మూడు ఇబ్బందులు ఎదురవుతాయి. మొదటిది మనుషుల కొరత. సొంత ఊళ్లో తాతమ్మలూ పిన్నులూ పంచుకునే పని క్వార్టర్లో ఒక్క తల్లి మీద పడుతుంది. రెండోది వేళలు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు రోజూ ఒకేలా సాగే దినచర్య కావాలి, కానీ రైళ్లు నడిపే రన్నింగ్ స్టాఫ్‌కు ‘కాల్’ వచ్చినప్పుడే డ్యూటీ. అలాంటి ఇళ్లలో గడియారం కంటే వరుసను పట్టుకోవడం మేలు: బడి నుంచి రాగానే కాళ్లు కడుక్కోవడం, తినడం, కాసేపు ఆట, ఆ తర్వాత పదిహేను నిమిషాల హోంవర్కు. నాన్న ఇంట్లో ఉన్నా లేకపోయినా ఈ వరుస మారదు. మూడోది భాష. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ, బడిలో ఇంగ్లీషు. ధ్యాస లోపాన్ని భాష రాకపోవడంగానూ, భాష రాకపోవడాన్ని ధ్యాస లోపంగానూ పొరబడే వీలుంది. ఇంట్లోనూ బడిలోనూ లక్షణాలు ఉండాలన్న నియమం ఇక్కడ మరీ అవసరం.

దీనికి తోడు భిలాయ్‌లో కోచింగ్ అంటే ఐఐటీ ప్రవేశ పరీక్షకు తయారీ. 2016లో భిలాయ్ పేరుతోనే ఒక ఐఐటీ మొదలైంది. మార్కులతో పిల్లల్ని తూచే వాతావరణంలో, తెలివి ఉండి కూడా పేపరు పూర్తి చేయలేని పిల్లవాడికి ‘బద్ధకం’ అన్న ముద్ర తేలిగ్గా పడుతుంది. అతనికి కావలసిన కోచింగ్ వేరు: పుస్తకాల సంచి ఎలా సర్దుకోవాలి, పెద్ద పాఠాన్ని ఎలా ముక్కలు చేయాలి, కోపం వచ్చినప్పుడు ఎలా ఆగాలి.

ప్రభుత్వ ఆసరా, మిగిలిన పని

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైంది. 2012లో రాయ్‌పూర్ ఎయిమ్స్ రావడంతో చరోదాకు పెద్ద ప్రభుత్వ వైద్యం దగ్గరైంది. 2013లో ఆరంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని పరీక్షిస్తుంది. దాని జాబితాలో ఏడీహెచ్‌డీ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. అందులో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉన్నాయి కానీ ఏడీహెచ్‌డీ విడిగా లేదు. మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు కాబట్టి ప్రత్యేక లైసెన్సు ఉన్న దుకాణంలోనే దొరుకుతుంది. ఈ రెండు చిక్కుల వల్ల ఇంట్లో నేర్చుకునే నేర్పుకు విలువ మరింత పెరుగుతుంది.

ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యం బలమైనదని కవలల అధ్యయనాలు చూపాయి. అంటే శిక్షణకు వచ్చిన తల్లికో తండ్రికో కూడా అదే స్థితి ఉండవచ్చు. అందుకే నేటి శిక్షణ పెద్దవాళ్ల మతిమరుపును, విసుగును కూడా లెక్కలోకి తీసుకుంటుంది. చెప్పే మాట పొట్టిగా ఉండాలి, ఒకసారి ఒకే పని చెప్పాలి, మెచ్చుకోలు వెంటనే రావాలి. ఈ మూడు సూత్రాలూ నడిచేది అమ్మ మాట్లాడే భాషలోనే. చరోదా చుట్టుపక్కల ఆస్పత్రుల భాష హిందీ, చాలా ఇళ్లలో బుజ్జగింపు తెలుగులో సాగుతుంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ పలుకుతుంది. ఫోనులో దొరికే ఆ మాటసాయాన్ని వారం వారం సాగే తెలుగు శిక్షణగా క్వార్టర్ల దాకా తేవడం ఈ చరిత్రలో ఇంకా మిగిలి ఉన్న పని.