తెరిచి చూపించే తుపాకీ

మొన్న సంక్రాంతికి రాజోలు దగ్గర మా పెదనాన్నగారింట్లో అందరం అరుగు మీద కూర్చుని ఉండగా డాలస్ నుంచి ఆయన మనవడు వీడియో కాల్ చేశాడు. పండగ కబుర్లయ్యాక అసలు సంగతి చెప్పాడు. వారాంతాల్లో స్నేహితులతో కలిసి ట్రాప్ షూటింగుకు వెళ్తున్నాడట. గాల్లోకి ఎగరేసిన మట్టి పళ్లేలను తుపాకీతో కొట్టే ఆట అది.

"తాతయ్యా, సొంతంగా ఒక పంప్ యాక్షన్ తుపాకీ కొనుక్కుందామనుకుంటున్నాను. రెమింగ్టన్ తీసుకోనా, మాస్‌బర్గ్ తీసుకోనా?"

పెదనాన్నగారికి 82 ఏళ్లు. ఆయన కంపెనీల ఊసెత్తలేదు. "గొట్టాలెన్నిరా దానికి?" అనడిగారు.

"ఒకటే. దాని కింద ఇంకోటి ఉంటుంది గానీ, అది తూటాలు పెట్టుకునేది."

"మరైతే లోపల తూటా ఉందో లేదో పక్కనున్నవాడికి ఎలా తెలుస్తుందిరా అబ్బాయ్?"

వాడు తడుముకున్నాడు. ఆ ప్రశ్న నన్ను మాత్రం వదల్లేదు. అమెరికాలో వందేళ్లకు పైగా ఇంటింటి వస్తువైన పంపు తుపాకీ మన కోనసీమ ఇళ్లలో ఎందుకు కనిపించదు? మన పెద్దలు రెండు గొట్టాల తుపాకీనే ఎందుకు పట్టుకుని కూర్చున్నారు?

ముందు పంపు తుపాకీ సంగతి. గొట్టం కిందున్న పిడిని ఎడంచేత్తో వెనక్కి లాగితే పేలిన తూటా డొల్ల ఎగిరి బయటపడుతుంది. ముందుకు తోస్తే కొత్త తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. సైకిలు పంపు కొట్టినట్టుంటుంది కాబట్టే ఆ పేరు. వ్యాపారంగా నిలదొక్కుకున్న మొదటి రకాన్ని 1882లో స్పెన్సర్, రోపర్ అనే ఇద్దరు తయారుచేశారు. దానికి స్థిరమైన రూపమిచ్చిన ఘనత జాన్ బ్రౌనింగుది. ఆయన వించెస్టర్ కంపెనీకి గీసిచ్చిన 1897 మోడల్ 10 లక్షలకు పైగా అమ్ముడైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికులు దాన్ని కందకాల్లోకి తీసుకెళ్తే, అనవసరమైన బాధ పెట్టే ఆయుధమంటూ 1918 సెప్టెంబరులో జర్మనీ అధికారికంగా నిరసన తెలిపింది. ఆ తర్వాత వించెస్టర్ మోడల్ 12 వచ్చింది. 1912 నుంచి 1964 దాకా దాదాపు 20 లక్షలు తయారయ్యాయి. పనితనం విషయంలో ఇప్పటికీ దాన్ని తలచుకునేవాళ్లున్నారు. అంత చేతిపనితో చేసే వస్తువు కూలి రేట్లు పెరిగాక గిట్టుబాటు కాలేదు.

దాని చోటు తీసుకున్నవే మనవాడు అడిగిన రెండు పేర్లు. రెమింగ్టన్ 870 వచ్చింది 1950లో. 1960ల మొదట్లో మాస్‌బర్గ్ 500 వచ్చింది. రెండూ కోటి దాటాయి. 870 శరీరం ఉక్కుతో చేసింది, బరువుగా ఉంటుంది. సేఫ్టీ బొత్తాం ట్రిగ్గర్ వెనకాల అడ్డంగా ఉంటుంది. మాస్‌బర్గ్ శరీరం అల్యూమినియం మిశ్రమం, కాస్త తేలిక. సేఫ్టీ పైన బొటనవేలి కిందే ఉంటుంది కాబట్టి ఎడంచేతివాటం వాళ్లకు అనువు. ఇథాకా 37 అని మూడోది ఒకటుంది. దాని డొల్ల పక్కకి కాకుండా కిందికి పడుతుంది. నన్నడిగితే వీటి మధ్య ఎంపిక కొనేవాడి బొటనవేలు, భుజం చూసి చెయ్యాలి, గొట్టం మీద ముద్ర చూసి కాదు. కంపెనీల పేర్లూ శాశ్వతం కాదు. రెమింగ్టన్ 2018లోనూ 2020లోనూ దివాలా తీసింది. 1816 నాటి ఆ సంస్థకు చిరునామాగా నిలిచిన ఇలియన్ ఊరి ఫ్యాక్టరీ 2024 మార్చిలో మూతపడింది.

ఇక మన వైపు. గోదావరి డెల్టాలో భూములున్న ఇళ్లకు చేరిన తుపాకులు ఇంగ్లండు సరుకు. గ్రీనర్, వెబ్లీ అండ్ స్కాట్, బి.ఎస్.ఎ., అన్నీ బర్మింగ్‌హామ్ పేర్లే. మద్రాసులో గడియారాలకు పేరుమోసిన పి. ఓర్ అండ్ సన్స్ ముద్రతోనూ తుపాకులుండేవి. తెల్లదొరల వేట మర్యాదలో రెండు గొట్టాల తుపాకీదే పెద్దపీట. పంపు తుపాకీని వాళ్లు మొరటు సరుకుగా చూసేవారు. దొరల దుకాణంలో ఏది దొరికితే అదే మన అటక మీదికి వచ్చింది.

తీసుకునే చెయ్యి ఎవరిదో నిర్ణయించింది మాత్రం చట్టం. 1878లో వైస్రాయ్ లిట్టన్ హయాంలో దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టం, భారతీయుల చేతుల్లోంచి ఆయుధాలు తీసే చట్టం ఒకే ఏడు వచ్చాయి. మరుసటేడు 1879లో మన ఎగువ కొండల్లో రంప పితూరీ లేచింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకెళ్లింది. కొండవాళ్లకు తుపాకీ దొరికే చోటు సర్కారు ఠాణా ఒక్కటే. అదే నదికి దిగువన, పచ్చటి డెల్టాలో, శిస్తు కట్టే ఆసామి అర్జీ పెట్టుకుంటే లైసెన్సు వచ్చేది. ఒకే గోదావరి నీళ్లు తాగేవాళ్ల మధ్య ఎంత తేడా! 1931 కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కును చేర్చారంటే, ఆ అవమానం ఎంత లోతుగా తగిలిందో అర్థమవుతుంది.

చట్టం ఒక కారణమైతే మన గాలి ఇంకో కారణం. ఆ రోజుల్లో తూటాలకు అట్ట డొల్లలుండేవి, అడుగున ఇత్తడి. వానాకాలం వచ్చిందంటే అప్పడాలే మెత్తబడిపోయే ఊళ్లు మనవి. అట్ట తూటా చెమ్మ పీల్చి ఉబ్బేది. పెదనాన్నగారి నాన్నగారు తూటాల రేకు డబ్బాను గాదెలో వడ్ల మధ్య కప్పెట్టి ఉంచేవారట. రెండు గొట్టాల తుపాకీని మధ్యకి విరిచి తూటాను చేత్తో దింపుతాం కదా, ఉబ్బినది అక్కడే ఆగిపోతుంది, తీసి పక్కన పెట్టి ఇంకోటి వేస్తాం. పంపు తుపాకీలో అలా కుదరదు. ఉబ్బిన తూటా సగంలో ఇరుక్కుంటే పిడి వెనక్కీ రాదు, ముందుకీ పోదు. ప్లాస్టిక్ డొల్లలు 1960లో అమెరికాలో మొదలయ్యాయి. అవి మన దాకా వచ్చేసరికి దిగుమతుల దారులు మూసుకుపోవడం మొదలైంది.

మా పెదనాన్నగారి తుపాకీని నేను దగ్గరగా చూసింది దసరా నాడు. అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానాకి కత్తులూ కర్రలూ తిప్పే రోజున, ఈ ఇంట్లో గూట్లోంచి దాన్ని దింపి చాప మీద పెట్టేవారు. వాల్‌నట్ చెక్క మడమ మీద చేతి చెమటకి నల్లబడిన మచ్చ. గొట్టాల అడుగున 12 అంకె. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఎంత లావో గొట్టం లోపలి వెడల్పు అంత, సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఆయన మీట పక్కకి నెట్టి తుపాకీని విరిచి, గొట్టాలు వెలుతురు వైపు ఎత్తి, మమ్మల్ని ఒక్కొక్కర్ని పిలిచి అందులోంచి చూడమనేవారు. అద్దంలా మెరిసే రెండు సొరంగాలు, వాటి చివర రెండు గుండ్రటి ఆకాశం ముక్కలు, మధ్యలో కొబ్బరాకు ఊగుతూ. అందరం చూశాకే పసుపూ కుంకుమా పెట్టేవారు.

ఆ తుపాకీ వేటకి వెళ్లిన రోజులూ ఉన్నాయి. చలికాలంలో కోతలయిన చేలల్లో ఉల్లంకి పిట్టలు, మడుగుల్లో పరజలు. గట్టు మీద నడిచేటప్పుడు తుపాకీని విరిచి చేతి మీద వేసుకోవడం మర్యాద. అది ఖాళీ అని ఎదురొచ్చే కూలీకి కూడా పది గజాల దూరం నుంచే తెలియాలి. 1972 వన్యప్రాణి చట్టంతో ఆ వేట ముగిసింది. ముగియడమే మంచిదైంది. 1978లో పక్కనే కోరింగ అభయారణ్యం వచ్చింది. పరజల గుంపు వాలినప్పుడు ఆ చప్పుడు వినడానికి చెవులుంటే చాలు.

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం చేసి 1962 అక్టోబరు 1 నుంచి అమలు చేశారు. విదేశీ మారకం కొరతతో దిగుమతులు తగ్గుతూ వచ్చి, 1980ల మధ్యకల్లా మామూలు పౌరుడికి దాదాపు ఆగిపోయాయి. ఇషాపూర్ సర్కారు ఫ్యాక్టరీ, ముంగేర్, జమ్ము వర్క్‌షాపులు ఒంటి గొట్టం, జంట గొట్టాల తుపాకులు చేసేవి. తూటాలు ఖడ్కీ నుంచి శక్తిమాన్ పేరుతో వచ్చేవి. పంపు తుపాకీ చేసింది తిరుచిరాపల్లి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ. అమెరికాలో రెండు మూడు కంపెనీల మధ్య తర్జనభర్జన పడే కొనుగోలుదారు ఇక్కడ చాలాకాలం ఆ ఫ్యాక్టరీ ముందే నిలబడాల్సి వచ్చేది. అమలాపురంలో పంపు తుపాకీ ఎప్పుడైనా కంటపడిందంటే అది ఏటీఎంలో డబ్బు నింపే వ్యాను దగ్గర, కాపలాదారు చేతిలోనే.

ఇంకో చిక్కు కూడా ఉంది. అమెరికా ఫెడరల్ చట్టం 18 అంగుళాల గొట్టాన్ని ఒప్పుకుంటుంది. ఇంటి రక్షణకని అక్కడ అమ్మే పంపు తుపాకులు ఎక్కువగా ఆ కొలతకు అటూఇటుగానే ఉంటాయి. మన 1962 నిబంధనలు 20 అంగుళాలకు తగ్గిన గొట్టాన్ని సామాన్యుడికి అందని వర్గంలో పెట్టాయి. అంటే అక్కడ విరివిగా అమ్ముడయ్యేది ఇక్కడ లైసెన్సున్నవాడికీ పనికిరాదు. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు అయిదేళ్లయింది.

మా పెదనాన్నగారి లైసెన్సు కాగితాలు దశాబ్దాల పాటు కాకినాడ కలెక్టరేట్‌లో ఉండేవి. రెన్యూవల్ అంటే కోటిపల్లి రేవు దాటి ఒక రోజు ప్రయాణం. 2022 ఏప్రిల్ 4న అమలాపురం జిల్లా కేంద్రమయ్యాక ఆ బాధ తప్పింది. 2024 మే 13 పోలింగుకు ముందు మామూలుగానే లైసెన్సు తుపాకులు ఠాణాలో అప్పగించమన్నారు. నేనే ఆటోలో తీసుకెళ్లాను. బల్ల దగ్గరున్న కుర్ర కానిస్టేబుల్ బహుశా అలాంటిది చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి. పెదనాన్నగారు తుపాకీ విరిచి కిటికీ వైపు ఎత్తి, "ఒక్కసారి ఇందులోంచి చూడండి బాబూ" అన్నారు. ఆ అబ్బాయి వంగి ఒక కన్ను మూసి చూసి, తల ఊపి, చీటీ కట్టాడు.

పోటీ షూటింగులో ఇవాళ్టికీ రెండు గొట్టాల తుపాకీదే రాజ్యం. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాదుకు చెందిన కైనాన్ చెనాయ్ జట్టు ట్రాప్‌లో స్వర్ణం గెలిచినప్పుడు వాళ్ల చేతుల్లో ఉన్నవీ పైనొకటి కిందొకటి గొట్టాలున్నవే. ఈ మాట మనవడికి చెబితే, వాటి ఖరీదు తన జీతానికి అందదన్నాడు. హెచ్1బీ వీసా మీద ఉన్నవాడు అక్కడ తుపాకీ కొనాలంటే చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండాలి. అది కూడా తీసుకున్నాడు. చివరికి 28 అంగుళాల గొట్టంతో 870 కొన్నాడు. మాస్‌బర్గ్ కూడా పట్టి చూశాడట గానీ, భుజానికి ఆనింది ఇదేనట.

పెట్టె విప్పిన సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి తుపాకీని కెమెరా ముందుకి ఎత్తాడు. ఇక్కడ తెల్లవారుజాము. పెదనాన్నగారు మంచం మీద లేచి కూర్చుని కళ్లజోడు పెట్టుకున్నారు.

"తెరువు."

వాడు పిడి వెనక్కి లాగాడు. పక్కన చిన్న కిటికీలా తెరుచుకుంది. ఫోన్ దగ్గరగా పెట్టినా లోపలంతా చీకటి.

"నాకేం కనబడటం లేదురా. వేలు పెట్టి చూడు."

చిటికెన వేలు గొట్టంలోకి పెట్టాడు. "లేదు తాతయ్యా."

"ఆ కింది దాంట్లో?"

తుపాకీ తిరగేసి కింది గొట్టంలోకీ వేలు పెట్టాడు. "అందులోనూ లేదు."

"ఊఁ," అని కళ్లజోడు తీశారు పెదనాన్నగారు. "రోజూ రెండు చోట్లా చూడు."