ఖిల్లా ఊరికి సముద్రమెందుకని అడిగినవాళ్లకు

ఊరి చరిత్ర పుస్తకం వేద్దామని కూర్చున్నప్పుడు నేను రాసిచ్చిన రెండు కాగితాల్లో ఒకదాన్ని పక్కన పెట్టేశారు. అది ఓడ గురించిన కాగితం. "రెండు గుట్టల నడుమ ఊరు మనది. మనకు సముద్రంతో ఏం పని సారూ?" అని ఒక పెద్దాయన నవ్వాడు. ఆయన పొద్దున్నే నడకకు పోయేది గణపసముద్రం కట్ట మీదికే.

పెద్ద చెరువును సముద్రమనడం కాకతీయుల నాటి అలవాటని నాకూ తెలుసు. అది పక్కన పెట్టి మా ఖిల్లా ఘణపురం పేరే చూద్దాం. కోట కట్టించిన గోన గణపరెడ్డి పేరు మీద గణపురమైందని కొందరు రాశారు. తన ఏలిక, కాకతీయ రాజు గణపతిదేవుడి పేరు పెట్టాడని ఇంకొందరు. నాది రెండో పక్షం. దండనాయకుడు కొత్త కోట కట్టి తన పేరే పెట్టుకుంటే ఓరుగల్లులో ఏమనుకుంటారు? ఆ భయమో భక్తో ఉండే ఉంటుంది. గణపురం ఘణపురం కావడం మాత్రం తర్వాతి రాతగాళ్ల చలవ.

ఆ గణపతిదేవుడే 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుఫానుకు దారి తప్పి, పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాక్కోవడం అంతకుముందు రాజుల రివాజు. ఇక మీదట నియమించిన సుంకం తప్ప ఏదీ ముట్టమని ఆయన మాటిచ్చాడు. నాకు తెలిసిన శాసనాల్లో నావికుడి ప్రాణభయాన్ని ఇంతగా అర్థం చేసుకున్నది మరొకటి లేదు. కోస్తా రచయితలు దీన్ని తమ తీరం ఘనతగా రాసుకుంటారు. రాయి వాళ్ల ఊళ్లోదే, కాదనను. మాట ఓరుగల్లుది, ఆ మాటిచ్చిన రాజు పేరు మా ఊరిది.

ఇక వాళ్లు పక్కన పెట్టిన కాగితం. రెండో ప్రపంచ యుద్ధంలో 'నిజాం' అనే డిస్ట్రాయర్ ఒకటి ఉండేది. హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన సొమ్ముతో కట్టిన ఓడ కనుక ఆ పేరు పెట్టారు. స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో 1940 జులైలో నీళ్లలోకి దింపారు, 1941 జనవరిలో ఆస్ట్రేలియా నౌకాదళం నడపడానికి తీసుకుంది. ఆ మే నెలలో క్రీట్ దీవి నుంచి సైనికులను తరలించింది. జర్మన్ ముట్టడిలో ఉన్న తోబ్రుక్‌కు మనుషుల్ని, సరుకుల్ని చేరవేసింది. తర్వాత హిందూ మహాసముద్రం, ఆపైన పసిఫిక్. 1945 ఫిబ్రవరి 11న ఆస్ట్రేలియా నైరుతి కొసన ఒక పెద్ద అల ఓడను పక్కకు ఒరగదోస్తే పదిమంది నావికులు కొట్టుకుపోయారు. శత్రువు చేతిలో కాదు, నీళ్ల చేతిలో. సెప్టెంబరు 2న జపాన్ లొంగిపోయిన రోజు టోక్యో అఖాతంలో లంగరేసి ఉన్న ఓడల్లో ఇదీ ఒకటి.

నిజాం దాతృత్వమని పొగిడేవాళ్లతోనే నాకు పేచీ. ఆ సొమ్ము నిజాం సొంత ఆస్తి సర్ఫేఖాస్‌దా, సర్కారు ఖజానా దివానీదా అని లెక్కలు తీస్తారు. ఏ ఖాతాలోదైతేనేం, అందులో పడింది రైతు కట్టిన శిస్తే కదా! వానలు లేని పాలమూరులో పట్వారీ లెక్కకు తలొగ్గి కట్టిన పైసలు అందులో లేవని ఎవరనగలరు? ఈ లెక్కన ఆ ఓడలో ఒక రేకైనా మాది.

పతకాల విషయం ఇంకా చిత్రం. ఆ యుద్ధంలో పోరాడినవాళ్లకు ఆరు కొనల నక్షత్రాలిచ్చారు. 1939-45 నక్షత్రం రిబ్బన్‌లో ముదురు నీలం నౌకాదళానికి, ఎరుపు భూసైన్యానికి, లేత నీలం వైమానిక దళానికి గుర్తు. మధ్యధరాలో పనిచేసిన నావికులకు ఆఫ్రికా నక్షత్రం కూడా దక్కింది. బ్రిటన్ తనవాళ్ల నక్షత్రాలను పేర్లు లేకుండానే పంచింది. ఆస్ట్రేలియా మాత్రం ఒక్కొక్కరి పేరూ నంబరూ చెక్కించి ఇచ్చింది. అలా ఓడ మీద నవాబు పేరు, పతకం మీద నావికుడి పేరు ఉండిపోయాయి. డబ్బు కట్టినవాడి పేరు ఎక్కడా లేదు. ఊరి పుస్తకంలోనైనా ఉండొద్దా?

పేరు లేనివాళ్ల మాట అలా ఉంచి, పేరున్నవాళ్లనైనా మనం తలచుకోం. నావికాదళం అనగానే మనవాళ్లు 1971లో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ దగ్గరే ఆగిపోతారు. చెంగల్పట్టులో పుట్టిన తెలుగువాడు రామదాస్ కటారి 1927లో డఫరిన్ శిక్షణ ఓడ మొదటి జట్టులో చేరారు. 1939లో యుద్ధం రాగానే రిజర్వు నుంచి నౌకాదళంలోకి వచ్చారు. 1958 ఏప్రిల్ 22న భారత నౌకాదళానికి మొదటి భారతీయ అధిపతి అయ్యారు. గోవా విముక్తి ఆయన హయాంలోనే. తర్వాత మన ఆర్టీసీకి ఛైర్మన్‌గా కూర్చున్నారు, 1983లో సికింద్రాబాద్‌లో కన్నుమూశారు. మా ఊళ్లో వనపర్తి బస్సెక్కేవాళ్లలో ఈ సంగతి ఎందరికి తెలుసో!

'నిజాం' ఓడను 1955లో తుక్కు కింద అమ్మేశారు. మరుసటేడు హైదరాబాద్ రాష్ట్రమూ పోయింది. నేను ఆ కాగితం మళ్లీ రాసి ఇచ్చాను. ఈసారి గణపసముద్రంతోనే మొదలుపెట్టాను.