‘పట్టించుకుంటలేరు’ నుంచి ‘చేయి చేసుకున్నారు’ దాకా: వరంగల్ ఎంజీఎం నేపథ్యంలో ఆసుపత్రి హింస, నివారణ

సారాంశం

ప్రభుత్వాసుపత్రిలో డాక్టరుపై జరిగే దాడి చట్టానికి నేరం, పత్రికలకు వార్త. ఈ వ్యాసం దాన్ని పని ప్రదేశంలో జరిగే ప్రమాదంగా పరిశీలిస్తుంది. వరంగల్ మహాత్మాగాంధీ మెమోరియల్ ఆసుపత్రి స్వభావం, అక్కడికి వచ్చే రోగుల తీరు, 2008 నాటి రాష్ట్ర చట్టం, ఆ తర్వాతి పరిణామాల ఆధారంగా ఒక ప్రతిపాదన చేస్తుంది. దాడి చేసేవారూ దెబ్బ తినేవారూ ఇద్దరూ వైద్య వ్యవస్థలో నిర్ణయాధికారం లేనివారే. కాబట్టి నివారణ శిక్షతో కాక, నిరీక్షణను, మరణవార్త చెప్పే తీరును మార్చడంతో మొదలవ్వాలి.

కీలక పదాలు: ఎంజీఎం, హౌస్ సర్జన్, అటెండెంట్లు, మరణవార్త, పని ప్రదేశం, నివారణ.

1. ప్రవేశిక

మన పత్రికల్లో ఆసుపత్రి వార్తలు తరచూ రెండు పలుకుబడుల మధ్య నడుస్తాయి. రోగి బతకడని తేలితే డాక్టర్లు ‘చేతులెత్తేశారు’. ఆ వెంటనే బంధువులు డాక్టరుపై ‘చేయి చేసుకున్నారు’. ఈ రెండింటి నడుమ గడిచిన గంటలను ఓరుగల్లు వైపు అటెండెంట్లు ఒక్క మాటలో చెబుతారు: ‘పట్టించుకుంటలేరు’. వైద్యం తప్పు జరిగిందనే ఆరోపణ ఈ మాటలో ఉండనవసరం లేదు. ఏ ఇంజెక్షన్ వేయాలో, స్కానింగ్ ఎందుకో నిర్ణయించే చదువు తమకు లేదని వాళ్లకు తెలుసు. తమ మనిషిని ఎవరు చూస్తున్నారో తెలియకపోవడమే వాళ్ల గోస.

ఒకప్పుడు మిల్లు కార్మికుల నగరమైన వరంగల్‌కు ఒక సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. మూత లేని యంత్రం ఏదో ఒక రోజు ఎవరి వేలో తీయక మానదు. అప్పుడు కార్మికుడి అజాగ్రత్తను తిట్టి ఊరుకుంటే మర్నాడు ఇంకొకరి వేలు పోతుంది. ఆసుపత్రి హింసకు కూడా ఇలాంటి మూత లేని చోటు ఒకటి ఉంది. అది ఎక్కడో వెతకడమే ఈ వ్యాసం పని.

2. హింస పరిధి

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒప్పందం పని ప్రదేశంలోని హింసను, వేధింపును కలిపే నిర్వచించింది. దెబ్బలే కాదు, బెదిరింపులు, మానసికంగా, లైంగికంగా, ఆర్థికంగా హాని చేసే ప్రవర్తన కూడా దాని పరిధిలోకి వస్తాయి. ఒక్కసారి జరిగినా సరిపోతుంది. ఈ ఒప్పందం 2021 జూన్ 25న అమల్లోకి వచ్చింది. అంతకుముందే, 2002లో, ఆ సంస్థ ప్రపంచ ఆరోగ్య సంస్థతోనూ అంతర్జాతీయ నర్సుల మండలితోనూ కలిసి వైద్యరంగానికి ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది.

హింస చేసేవారికి పని ప్రదేశంతో ఉన్న సంబంధాన్ని బట్టి పరిశోధకులు నాలుగు రకాలు చెబుతారు. మొదటిది దొంగతనం వంటి నేరానికి వచ్చిన బయటివాళ్లు చేసేది. రెండోది సేవ కోసం వచ్చినవాళ్లు చేసేది. మూడోది తోటి ఉద్యోగులు చేసేది. నాలుగోది వ్యక్తిగత సంబంధాల్లోంచి పని ప్రదేశం దాకా వచ్చేది. ఆసుపత్రిలో బయటి కంటికి కనిపించేది రెండోది. మూడోది తెల్లకోటు వెనుక దాగి ఉంటుంది. ఈ రెండూ ఒకే అలసట నుంచి బలం పుంజుకుంటాయి కాబట్టి కలిపే చూడాలి.

3. ఎంజీఎం అనే పని ప్రదేశం

1959లో ఏర్పడిన కాకతీయ మెడికల్ కాలేజీకి ఎంజీఎం బోధనాసుపత్రి. జనం నోట ఇది పెద్దాసుపత్రి. పాత వరంగల్ జిల్లా ఇప్పుడు హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, ములుగు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలుగా విడిపోయినా, కష్టం ముదిరినప్పుడు అన్ని దారులూ ఇటే వస్తాయి. సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని ఏటూరునాగారం నుంచి బయలుదేరిన కుటుంబం దారిలో ఒకటి రెండు ఆసుపత్రులు చూసి, ‘ఎంజీఎంకు తీసుకపోండ్రి’ అనిపించుకుని ఇక్కడికి చేరుతుంది. రోగి క్యాజువాలిటీ గడప తొక్కేసరికి విలువైన సమయం గడిచిపోయి ఉంటుంది. దారిలో పోగుపడిన ఆందోళన అంతా తెల్లకోటుతో కనబడిన మొదటి మనిషి ముందు బయటపడుతుంది.

ఆ ఒత్తిడి ఎంతటిదో వేరే సందర్భంలో జరిగిన ఒక అధ్యయనం నుంచి ఊహించవచ్చు. ఈ ఆసుపత్రిలో 1997–2002 మధ్య పురుగుల మందు విషప్రభావంతో చేరినవారి రికార్డులను పరిశీలించిన ఆ పరిశోధన 2005లో వెలువడింది. పత్తి రైతుల ఆత్మహత్యలు వరంగల్‌ను కుదిపేసిన కాలమది. మొత్తం 8,040 మంది చేరగా, మరణాల రేటు 22.6 శాతంగా తేలింది. అంటే సుమారు 1,800 మరణాలు, ఏడాదికి దాదాపు 300. ఇది హింస మీద జరిగిన అధ్యయనం కాదు. అయినా ఈ లెక్కను మరో వైపు నుంచి చదివితే, ఒక్క రకం కేసుల్లోనే ఏడాదికి దాదాపు 300 సార్లు ఎవరో ఒక డాక్టరో నర్సో వార్డు గుమ్మం దగ్గర నిలబడి ఒక కుటుంబానికి చావు కబురు చెప్పాల్సి వచ్చింది.

ఈ కేసుల వైద్య స్వభావం అనుమానానికి మరింత తావిస్తుంది. ఆర్గానోఫాస్ఫేట్ మందు తాగిన మనిషి అట్రోపిన్ పడ్డాక తేరుకుని, కళ్లు తెరిచి, ఇంటివాళ్లతో మాట్లాడవచ్చు. ఆ తర్వాత, విషం లోపలికి వెళ్లిన 24 నుంచి 96 గంటల మధ్య, కొందరికి మెడ కండరాలు, శ్వాస కండరాలు ఒక్కసారిగా చచ్చుబడతాయి. వెంటనే వెంటిలేటర్ అందకపోతే ప్రాణం పోతుంది. వైద్యశాస్త్రానికి ఇది ముందే తెలిసిన దశ. పొద్దున జావ తాగించిన భార్యకు మాత్రం అది తెలియదు. ‘పొద్దుగాల మంచిగ మాట్లాడిండు, సూది ఇచ్చినంక పోయిండు’ అనే వాక్యం అక్కడే పుడుతుంది. మొదటి రోజే ‘మాట్లాడుతున్నా గండం గడవలేదు, నాలుగు రోజులు ఏమీ చెప్పలేం’ అని ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆ వాక్యానికి అంత పదును ఉండేది కాదు.

దుఃఖం అక్కడితోనూ ఆగదు. విషం కేసు కాబట్టి పోలీసులు రావాలి, పంచనామా జరగాలి, పోస్ట్‌మార్టం పూర్తవ్వాలి. శవం ఎప్పుడు ఇస్తారో చెప్పేవారు లేక, బండి కిరాయి ఎట్లాగో తెలియక మార్చురీ దగ్గర నిలబడ్డ బంధువుల కంటికి ఆసుపత్రి అంతా ఒకే గోడలా కనిపిస్తుంది.

ఆ గోడకు ముందు నిలబడేది ఎవరు? సూపరింటెండెంట్ కాదు, రాత్రివేళ ప్రొఫెసర్ కూడా కాదు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల హౌస్ సర్జన్, మొదటి సంవత్సరం పీజీ, స్టాఫ్ నర్సు, కాంట్రాక్టు సెక్యూరిటీ గార్డు. వెంటిలేటర్ల సంఖ్య పెంచడం గానీ, పోస్టులు నింపడం గానీ, మందుల టెండరు పిలవడం గానీ వీళ్ల చేతిలో లేదు. ఎదుట ఉన్న అటెండెంటు చేతిలోనూ ఏమీ లేదు. నిర్ణయాలు తీసుకునే చోటికి ఇద్దరూ సమాన దూరంలోనే ఉన్నారు.

4. చట్టం ఎక్కడిదాకా వస్తుంది

వైద్య సిబ్బందిపై దాడులను అరికట్టే చట్టాన్ని ముందుగా తెచ్చిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2008 నాటి 11వ చట్టం వైద్య సిబ్బందిపై హింసను, ఆసుపత్రి ఆస్తి ధ్వంసాన్ని బెయిలు దొరకని నేరంగా ప్రకటించింది. మూడేళ్ల దాకా జైలు, 50 వేల రూపాయల దాకా జరిమానా, పగలగొట్టిన పరికరాల కొనుగోలు ధరకు రెండింతల పరిహారం అందులో ఉన్నాయి. రాష్ట్ర విభజన తర్వాత ఇది తెలంగాణలోనూ కొనసాగింది. కొవిడ్ కాలంలో, 2020 ఏప్రిల్ 22న, కేంద్రం 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని ఆర్డినెన్సుతో సవరించి, తీవ్ర గాయమైతే ఏడేళ్ల దాకా శిక్ష వేసేలా చేసింది.

ఆ ఆర్డినెన్సు వచ్చిన రెండు నెలల్లోపే, 2020 జూన్‌లో, హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో కొవిడ్ రోగి మరణించగా బంధువులు డ్యూటీ డాక్టరుపై దాడి చేశారు. జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కారు. అప్పటి వాళ్ల డిమాండ్లు రక్షణకే పరిమితం కాలేదు. కొవిడ్ వైద్యాన్ని గాంధీ ఒక్కదాని నెత్తిన పెట్టకుండా ఇతర ఆసుపత్రులకూ పంచాలని, సిబ్బందిని పెంచాలని కూడా అడిగారు. దెబ్బ తిన్నవాళ్లే రోగనిర్ధారణ చేశారు: చేయెత్తినవాడి కోపం ఎంత కారణమో, ఒకే చోట కుమ్మరించిన భారమూ అంత కారణం.

2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న వైద్యురాలి హత్యాచారం తర్వాత సుప్రీంకోర్టు స్వయంగా కేసు చేపట్టి జాతీయ టాస్క్‌ఫోర్స్‌ను నియమించింది. దాడి జరిగిన ఆరు గంటల్లో సంస్థ అధిపతే పోలీసులకు ఫిర్యాదు చేయాలని కేంద్ర ఆరోగ్యశాఖ తన ఆసుపత్రులను ఆదేశించింది. చిన్న మార్పులా కనిపించినా ఇందులో సారం ఉంది. ఇంతకాలం దెబ్బ తిన్న జూనియరే స్టేషన్ మెట్లెక్కాలి, సాక్ష్యం చెప్పాలి, రాజీ ఒత్తిడి భరించాలి. సంస్థ ఫిర్యాదుదారు అయితే నేరం సంస్థపై జరిగినట్టవుతుంది.

అయినా చట్టం దాడి తర్వాతే నిద్ర లేస్తుంది. తండ్రి శవం ముందు ఊగిపోతున్న కొడుక్కి చట్టంలోని సెక్షన్ల సంఖ్య గుర్తుకు రాదు.

5. లోపలి హింస

2022లో ఎంజీఎం ఐసీయూలో రోగిని ఎలుకలు కొరికిన ఉదంతం దేశమంతా తెలిసింది. సూపరింటెండెంట్‌ను బదిలీ చేశారు, ఇద్దరు డాక్టర్లను సస్పెండ్ చేశారు. ఎలుకలు రావడానికి దారినిచ్చిన ఏర్పాట్లకు డ్యూటీలో ఉన్న వైద్యులు మూల్యం చెల్లించారు. తప్పు ఏర్పాటుదైనా శిక్ష దగ్గరున్న మనిషికే పడటం అధికారులు నేర్పే పాఠమైతే, అటెండెంటు కూడా ఆ పాఠమే నేర్చుకుంటాడు.

ఇదే బరువు మెట్టుమెట్టుగా కిందికి జారుతుంది. ప్రొఫెసర్ నుంచి సీనియర్‌కు, సీనియర్ నుంచి జూనియర్‌కు, అక్కడి నుంచి నర్సుకు, నర్సు నుంచి ఆయమ్మకు. 2023లో కాకతీయ మెడికల్ కాలేజీ పీజీ విద్యార్థిని ఒకరు మరణించారు. సీనియర్ వేధింపుల ఆరోపణపై కేసు నమోదైంది. ఆ కేసు న్యాయం కోర్టులు తేలుస్తాయి. ఈ వ్యాసానికి ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచి ఉంది. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013 నుంచి ఉంది. పది మంది, అంతకుమించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలని ఆ చట్టం చెబుతుంది. కానీ ఫిర్యాదు విని తేల్చేవాళ్లు, పరీక్షలో మార్కులు వేసేవాళ్లు ఒకే గదిలో కూర్చునే చోట ఫిర్యాదు గొంతు దాటడం కష్టం. రెసిడెంట్ డాక్టర్ల వరుస డ్యూటీ 12 గంటలు, వారానికి 48 గంటలు మించరాదని 1992లోనే కేంద్రం తన రెసిడెన్సీ పథకంలో చెప్పింది. ముప్పై గంటలుగా నిద్ర లేని మనిషి మాటలో ఓర్పు వెతకడం అత్యాశే.

6. నివారణ: ఆరు ప్రతిపాదనలు

మొదటిది, మాట. విషమంగా ఉన్న ప్రతి రోగి కుటుంబానికి రోజూ ఒకే వేళకు సీనియర్ డాక్టరు పరిస్థితి చెప్పాలి. చెప్పినట్టు కేస్ షీటులో రాయాలి. చెడు వార్త చెప్పే పద్ధతిపై 2000లో వచ్చిన ఆరు మెట్ల ‘స్పైక్స్’ విధానం వైద్యవిద్యలో పేరున్నదే. దాన్ని హౌస్ సర్జన్లకు మొదటి వారంలోనే సాధన చేయించాలి. ములుగు కోయ కుటుంబానికి, మహబూబాబాద్ తండా లంబాడీ అవ్వకు, ఉర్దూ మాట్లాడే నగరవాసికి అర్థమయ్యే భాషలో చెప్పగల సహాయకులు క్యాజువాలిటీలో ఉండాలి.

రెండోది, చోటు. రోగికి ఇద్దరు అటెండెంట్ల పాసు నియమం పెడితే, మిగిలినవారు కూర్చునేందుకు నీడ, నీళ్లు, సమాచారం అందే చోటు కూడా ఇవ్వాలి. పాసు ఒక్కటే పెడితే గుంపు గేటు దగ్గరికి మారుతుంది, అంతే.

మూడోది, భారం పంచడం. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో, ములుగులో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. అక్కడి ఆసుపత్రుల్లో వెంటిలేటర్, దాన్ని నడిపే మనిషి రాత్రిపూట ఉంటే ఎంజీఎం క్యాజువాలిటీ అంతమేరకు చల్లబడుతుంది.

నాలుగోది, రికార్డు. దెబ్బ తగిలితేనే ఘటన అనుకోవడం మానాలి. తిట్టు, బెదిరింపు, కాలర్ పట్టుకోవడం కూడా ఏ వార్డులో, ఏ వేళలో, ఏ సందర్భంలో జరిగాయో రాసే రిజిస్టరు ఉండాలి. ఆరు నెలలు రాస్తే మూత లేని యంత్రం ఎక్కడుందో అదే చూపిస్తుంది.

ఐదోది, రక్షణ. జూనియర్ డాక్టర్లు అడుగుతున్న ఎస్‌పీఎఫ్ (స్పెషల్ ప్రొటెక్షన్ ఫోర్స్) బలగం, సీసీ కెమెరాలు, వార్డు నుంచి మోగే అలారం అవసరమే. అయితే గార్డుకు లాఠీ కన్నా ముందు గొంతు తగ్గించి మాట్లాడే శిక్షణ కావాలి.

ఆరోది, రెండువైపుల ఫిర్యాదు. సిబ్బందికి ఆసుపత్రి పెట్టే కేసు ఎంత అవసరమో, రోగి కుటుంబానికి నిర్ణీత గడువులో రాతపూర్వక జవాబు ఇచ్చే వేదిక అంతే అవసరం. వినే చోటు లేనప్పుడే అరుపు దారి వెతుక్కుంటుంది.

7. ముగింపు

దాడి జరిగిన మర్నాడు జూనియర్లు ఓపీ ఆపితే, మళ్లీ నష్టపోయేది తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన రోగే. ఒక బలహీనుడి కోపం ఇంకో బలహీనుడి మీద, వాళ్ల నిరసన మళ్లీ మొదటివాళ్ల మీద పడుతుంది. ఈ వలయాన్ని తెంచాల్సినవాళ్లు క్యాజువాలిటీలో కనిపించరు. వాళ్లు బడ్జెట్ కాగితాల దగ్గర, భవనాల నమూనాల దగ్గర ఉంటారు.

వరంగల్ సెంట్రల్ జైలును కూల్చిన స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రికి 2021 జూన్ 21న శంకుస్థాపన జరిగింది. అలాంటి భవనం నమూనాలో ఎన్ని పడకలు, ఎన్ని ఆపరేషన్ థియేటర్లు అనే లెక్క తప్పకుండా ఉంటుంది. ప్రతి ఐసీయూ పక్కన నాలుగు కుర్చీలు, ఒక నీళ్ల కూజా, తలుపు మూసుకునే వీలున్న చిన్న గది కూడా ఆ లెక్కలో ఉందా అని అడగాలి. ఏటూరునాగారం నుంచి వచ్చిన తల్లిని అక్కడ కూర్చోబెట్టి, ‘అవ్వా, నీ కొడుకు ఇంకా గండంలోనే ఉన్నడు’ అని పెద్ద డాక్టరు రెండో రోజే చెప్పగలిగితే, నాలుగో రాత్రి వార్డు గుమ్మంలో హౌస్ సర్జన్ ఒంటరిగా నిలబడాల్సిన పని ఉండదు.