సలహా చెప్పేవాళ్ళకూ శిక్షణ కావాలి

1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. పది రోజులకు, డిసెంబరు 20న, పశ్చిమ జర్మనీ ఇటలీతో ఒక ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఇటలీ కూలీలను తెచ్చుకుని ఇక్కడి పొలాల్లో, ఫ్యాక్టరీల్లో, కట్టుబడి పనుల్లో పెట్టుకోవడానికి ఆ ఒప్పందం. ఈ రెండింటికీ సంబంధం ఏమీ లేదు. కానీ సైట్ల మీద బతికే మాలాంటివాళ్ళకు రెండూ ఒకే కథలా కనిపిస్తాయి. రెండు చోట్లా సొంత ఊరు వదిలి వచ్చినవాళ్ళలో పడుచువాళ్ళే ఎక్కువ. పని ఎక్కడుందో చెప్పేవాడు ఉన్నాడు, కూలి లెక్క కట్టేవాడు ఉన్నాడు. కష్టం వస్తే ఏం చెయ్యాలో తెలిసి చెప్పే మనిషే దొరకలేదు.

అలాంటి మనిషిని పద్ధతిగా తయారు చెయ్యాలని జర్మనీ గ్రహించడానికి పాతికేళ్ళు పట్టింది. మన సంఘంలో ఆ పని ఇంకా మొదలే కాలేదు. గత ఏడాది ఒక కుర్రాడికి మేమే తప్పు సలహా చెప్పాం. ఆ సంగతి కిందే రాశాం. ముందు ఈ దేశం ఎలా నేర్చుకుందో చూద్దాం.

మొదట సొంత పిల్లలు

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక తూర్పు ప్రాంతాల నుంచి వెళ్ళగొట్టబడ్డ జర్మన్లు సుమారు 1.2 కోట్ల మంది. వాళ్ళలో తల్లీతండ్రీ లేని పిల్లలు, పని కోసం ఊరూరా తిరిగే కుర్రాళ్ళు చాలామంది. వాళ్ళ కోసం చర్చి సంస్థలు, సేవా సంస్థలు కలిసి యుగెండ్‌గెమైన్‌షాఫ్ట్‌స్‌వెర్క్ అనే కేంద్రాలు పెట్టాయి. మన డ్యూసెల్‌డార్ఫ్ పక్కనే ఉన్న రూర్ బొగ్గు గనులకు కుర్రాళ్ళు కావాలి. పెద్ద హాస్టళ్ళలో పడేస్తే పిల్లలు నిలవడం లేదు. అందుకని పెస్టలోట్సీ గ్రామాలు అని కొన్ని కట్టారు. ఒక్కో ఇంట్లో ఒక దంపతులు, వాళ్ళ దగ్గర గని పని నేర్చుకునే కొద్దిమంది కుర్రాళ్ళు. తిండి, పడక, మంచీ చెడ్డా అన్నీ ఆ ఇంట్లోనే. పని నేర్పితే చాలదు, పిల్లవాడిని కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలని అప్పుడే వాళ్ళకు తెలిసింది.

బయటివాళ్ళు వచ్చేసరికి మాత్రం అది మరిచిపోయారు. ఇటలీ తర్వాత 1960లో స్పెయిన్, గ్రీస్, 1961 అక్టోబరు 30న టర్కీ, ఆ తర్వాత మొరాకో, పోర్చుగల్, ట్యునీషియా, యుగోస్లావియాలతో ఒప్పందాలు జరిగాయి. 1964 సెప్టెంబరు 10న పది లక్షలవ కూలీ వచ్చాడని, పోర్చుగల్ నుంచి వచ్చిన అర్మాండో రోడ్రిగ్స్‌కు కొలోన్ డాయిట్జ్ స్టేషన్‌లో మేళతాళాలతో స్వాగతం పలికి ఒక మోపెడ్ బహుమతిగా ఇచ్చారు. బయల్దేరే ముందే డాక్టర్లు ఒళ్ళంతా పరీక్ష చేసేవాళ్ళు. వచ్చాక కంపెనీ హాస్టల్లో ఒక మంచం. ‘గాస్ట్ ఆర్బైటర్’ అంటే అతిథి కూలీ. అతిథి ఎలాగూ వెళ్ళిపోతాడు కదా అనుకున్నారు.

సలహాలు చెప్పే బాధ్యతను సేవా సంస్థలకు పంచారు. ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్ వాళ్ళను కారితాస్ చూసుకోవాలి. గ్రీకులను డియాకోనీ చూసుకోవాలి. టర్కీ వాళ్ళను ఆర్బైటర్‌వోల్‌ఫార్ట్, అంటే ఆవో చూసుకోవాలి. ఆ సంస్థలు ఆయా భాషలు వచ్చినవాళ్ళను తీసుకున్నాయి. వాళ్ళు మంచివాళ్ళే, కష్టపడ్డారు కూడా. అయితే చాలామందికి భాష రావడమే అర్హత. ఫారం నింపడం, కంపెనీకి ఫోన్ చెయ్యడం, డాక్టరు దగ్గర దుబాసీగా నిలబడటంతోనే రోజు గడిచిపోయేది.

1973 తర్వాత

1973 నవంబరు 23న జర్మనీ కూలీలను తెచ్చుకోవడం ఆపేసింది. అప్పటిదాకా వచ్చినవాళ్ళు సుమారు 1.4 కోట్లు, తిరిగి వెళ్ళినవాళ్ళు సుమారు 1.1 కోట్లు. మిగిలినవాళ్ళకు ఒక భయం పట్టుకుంది. ఇప్పుడు వెళితే మళ్ళీ రానివ్వరేమో! దాంతో వెళ్ళడం మానేసి పెళ్ళాం పిల్లలను ఇక్కడికే పిలిపించుకున్నారు. పద్నాలుగు, పదిహేనేళ్ళ వయసులో దిగిన పిల్లలకు జర్మన్ రాదు, బడిలో కలవలేరు, పని నేర్చుకునే చోటు దొరకదు. సలహా ఇచ్చే పెద్దలకు కూలి చట్టం కొంత తెలుసు గాని, పదహారేళ్ళ పిల్లవాడి మనసు, బడి నుంచి పనిలోకి వెళ్ళే దారి తెలియవు.

ఇక్కడ మన రాష్ట్రం పేరు వస్తుంది. 1966 నుంచి 1978 దాకా నార్త్‌రైన్ వెస్ట్‌ఫాలియా ముఖ్యమంత్రిగా డ్యూసెల్‌డార్ఫ్‌లో పనిచేసిన హైన్జ్ క్యూన్‌ను, ఆ తర్వాత దేశంలోనే మొదటిసారిగా విదేశీయుల వ్యవహారాల ప్రతినిధిగా నియమించారు. 1979లో ఆయన ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. వీళ్ళు అతిథులు కారు, ఇక్కడే ఉంటారు, పిల్లల బడి గురించీ పని శిక్షణ గురించీ ఇప్పుడే గట్టిగా పట్టించుకోవాలి అన్నది దాని సారాంశం. ప్రభుత్వం అన్నీ ఒప్పుకోలేదు. కానీ 1980లో ఈ రాష్ట్రంలోనే విదేశీ పిల్లల కోసం ఆర్ఏఏ అనే ప్రాంతీయ కేంద్రాలు మొదలయ్యాయి. వాటిలో టీచర్లు, సామాజిక కార్యకర్తలు ఒకే చోట కూర్చుని పనిచేశారు. 2012లో రాష్ట్రం చట్టం చేశాక అవే కొమ్యునాలెస్ ఇంటెగ్రాత్సియోన్స్‌సెంట్రుమ్‌లు అయ్యాయి. 1971లో ఏర్పడిన డ్యూసెల్‌డార్ఫ్ ఫాఖ్‌హోక్‌షూలెలో ఇంజనీరింగ్‌తో పాటు సామాజిక సేవ కూడా చదువుగా నేర్పుతూ వచ్చారు. యుద్ధం తర్వాత సొంత పిల్లల కోసం పెట్టిన ఆ పాత కేంద్రాలే చివరికి 12 నుంచి 27 ఏళ్ళ వలస యువతకు సలహా ఇచ్చే యుగెండ్‌మిగ్రాత్సియోన్స్‌డీన్స్ట్‌గా మారాయి. అది మన ఊళ్ళోనూ ఉంది. అక్కడ సలహాకు డబ్బు తీసుకోరు.

మన దారి

మన వలస చరిత్ర ఇంతకంటే పాతది. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి బర్మా వెళ్ళినవాళ్ళను మేస్త్రీలు తీసుకెళ్ళారు. పాలమూరు నుంచి దేశమంతా ఆనకట్టలు కట్టడానికి వెళ్ళిన లేబర్‌ను కూడా మేస్త్రీలే తీసుకెళ్ళారు. మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, పని చూపిస్తాడు, కూలిలో కోస్తాడు, జబ్బు చేస్తే మందు కూడా తెస్తాడు. అప్పు ఇచ్చినవాడూ అతనే, సలహా చెప్పేవాడూ అతనే. అలాంటప్పుడు ఆ సలహా ఎవరి లాభం చూస్తుంది? 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, వాళ్ళ చోట బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె ముగిశాక బర్మా వాళ్ళను పొమ్మన్నారు. దాంతో చెలరేగిన కొట్లాటల్లో ఎంతోమంది ప్రాణాలు పోయాయి.

తర్వాత గల్ఫ్ వచ్చింది. మేస్త్రీ పోయి ఏజెంటు వచ్చాడు. 1983 ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది. గల్ఫ్ లాంటి దేశాలకు వెళ్ళేవాళ్ళకు బయల్దేరే ముందు ఒక రోజు అవగాహన తరగతి కూడా పెట్టారు. జర్మనీ ఆ దేశాల లెక్కలోకి రాదు. పని నేర్పడానికి హైదరాబాద్‌లో 1998 నుంచి నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది, జర్మన్ భాష నేర్పడానికి టామ్‌కామ్ ఉంది. ఇవన్నీ వెళ్ళేవాడికి ఇచ్చే శిక్షణలు. వెళ్ళినవాడికి సలహా చెప్పేవాడికి శిక్షణ ఇచ్చే చోటు మాకు ఎక్కడా కనపడలేదు.

ఇప్పుడు వచ్చేవాళ్ళు తక్కువేమీ కాదు. 2022 డిసెంబరు 5న భారత్, జర్మనీ వలస ఒప్పందం చేసుకున్నాయి. 2023-24 శీతాకాలం నాటికి ఇక్కడ చదివే భారతీయ విద్యార్థులు 49,000 దాటారు. నైపుణ్యం ఉన్న భారతీయులకు ఏటా ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతామని 2024 అక్టోబరులో జర్మనీ చెప్పింది.

మేము చేసిన తప్పు

అలా వచ్చినవాడే ఆ కుర్రాడు. ఇరవై ఏళ్ళు, కరీంనగర్ వైపు. ఆస్‌బిల్డుంగ్‌లో చేరాడు. వాళ్ళ నాన్న ఆరు లక్షలు అప్పు చేసి పంపాడు. మూడో నెలలో, ట్రయల్ కాలం అవ్వకముందే, కంపెనీ వద్దంది. రాత్రి మా రూముకొచ్చి ‘అన్నా, ఏం చెయ్యాలె?’ అని ఏడ్చాడు. మేము ధైర్యం చెప్పాం, అన్నం పెట్టాం. ‘ఆఫీసులో చెప్పకు తమ్మీ, చెప్తే పంపించేస్తారు. ఏదన్నా గోడౌన్‌లో చేరు, తర్వాత చూద్దాం’ అన్నాం. మాకు తెలిసింది అదే. గల్ఫ్‌లో మా అన్నలు మాకు చెప్పిందీ అదే.

చట్టం వేరేలా ఉంది. శిక్షణ మధ్యలో ఆగిపోతే రెండు వారాల్లోపు విదేశీయుల ఆఫీసుకు చెప్పాలి. ఆగిపోవడంలో తన తప్పు లేకపోతే, వీసా తీసేసే ముందు ఇంకో శిక్షణ చోటు వెతుక్కోవడానికి ఆరు నెలల దాకా అవకాశం ఇవ్వాలి. ఆ కుర్రాడు చెప్పలేదు, అనుమతి లేని పని చేశాడు. సంగతి బయటపడేసరికి ఐదు నెలలు దాటింది. తిరిగి వెళ్ళిపోయాడు. ఉచితంగా సలహా ఇచ్చే కేంద్రం ఈ ఊళ్ళోనే ఉందని మాకు ఆ తర్వాత తెలిసింది.

వాడికి మేము చెడు తలపెట్టలేదు. 1960లలో హాస్టళ్ళ చుట్టూ తిరిగిన ఆ దుబాసీలూ చెడు తలపెట్టలేదు. సైటు మీద బెల్టు పెట్టుకోవడం నేర్పకుండా ఎవరినీ స్కాఫోల్డింగ్ ఎక్కించం. ఒక పిల్లవాడి వీసా గురించి మాత్రం ఏమీ నేర్చుకోకుండానే మాట్లాడేస్తున్నాం.

ఇప్పుడు ఏం చెయ్యొచ్చు

జర్మనీలో జీతం లేకుండా యువతతో పనిచేసేవాళ్ళ కోసం 1999 నుంచి యులైకా అనే కార్డు ఉంది. కనీసం 30 గంటల శిక్షణ, దానితో పాటు ప్రథమ చికిత్స నేర్చుకోవాలి. గుంపును నడపడం, పిల్లల రక్షణ, బాధ్యత, బీమా, చట్టం అందులో నేర్పుతారు. కార్డు మూడేళ్ళు చెల్లుతుంది, తర్వాత మళ్ళీ నేర్చుకుని పొడిగించుకోవాలి. వీసా చట్టమంతా ఆ శిక్షణలో రాదు. అయితే ఎదుటివాడి మాట పూర్తిగా వినడం, తెలియనిది తెలియదని చెప్పడం, ఎవరి దగ్గరికి పంపాలో తెలుసుకోవడం అక్కడే మొదలవుతాయి.

సంఘం ముందు మేము పెడుతున్న కోరిక ఇది. ఈ ఏడాది ఇద్దరు అన్నదమ్ములను, ఇద్దరు అక్కచెల్లెళ్ళను ఆ శిక్షణకు పంపుదాం. ఆడపిల్లలు కూడా వస్తున్నారు, అన్నీ మాతో చెప్పుకోలేరు. ఖర్చు సంఘం భరించాలి. సలహా చెప్పేవాళ్ళు రూము అద్దెకిచ్చేవాళ్ళు, ఏజెంట్లు, అప్పులిచ్చేవాళ్ళు కాకూడదు. ఈ లోపు ఎవరు వచ్చినా మొదటి రోజే యుగెండ్‌మిగ్రాత్సియోన్స్‌డీన్స్ట్‌కు తోడుగా తీసుకెళదాం.

పేర్లు సర్వసభ్య సమావేశం నాటికి కమిటీకి ఇవ్వండి. మా నలుగురిలో ఒకరి పేరు ఇప్పటికే ఇచ్చాం.