ఇతరులను క్షమించడం (క్రైస్తవం)

తనకు అన్యాయం చేసినవారిపై పగ తీర్చుకునే హక్కును వదులుకోవడాన్ని క్రైస్తవం ‘క్షమించడం’ అంటుంది. దేవుడు మనిషి పాపాలను క్షమించాడు గనుక అతడూ సాటి మనిషిని క్షమించాలన్నది ఈ బోధకు ఆధారం. కొత్త నిబంధనలో ఇందుకు ఎక్కువగా వాడిన గ్రీకు క్రియ ‘అఫియేమి’. విడిచిపెట్టడం, బాకీ రద్దు చేయడం అనే అర్థాలు దానికి ఉన్నాయి. ఆ బాకీని ఎవరు కొట్టివేయాలి, ఏ షరతుపై కొట్టివేయాలి అన్న ప్రశ్నలు క్రైస్తవ చరిత్ర పొడవునా చర్చకు వచ్చాయి.

యూదు మూలాలు, సువార్తలు

ఈ ఆలోచన క్రైస్తవంతో మొదలైంది కాదు. పొరుగువాడి తప్పు మన్నిస్తే నీ ప్రార్థన ఫలించి నీ పాపాలూ పోతాయని క్రీ.పూ. 2వ శతాబ్దపు యూదు రచన సీరా జ్ఞానగ్రంథం బోధించింది. యేసు ఈ సంబంధాన్ని నిత్యప్రార్థనలో భాగం చేశాడు. ఆయన నేర్పిన ప్రార్థనలో మత్తయి సువార్త ‘అప్పులు’ అన్నచోట లూకా సువార్త ‘పాపాలు’ అంటుంది.

ఎన్నిసార్లు క్షమించాలని శిష్యుడైన పేతురు అడిగినప్పుడు యేసు చెప్పిన ఉపమానం మత్తయి 18వ అధ్యాయంలో ఉంది. రాజుకు 10,000 తలాంతులు బాకీపడిన సేవకుడు మాఫీ పొందుతాడు. వెంటనే తనకు 100 దేనారాలు ఇవ్వాల్సిన తోటి సేవకుణ్ణి చెరలో వేయిస్తాడు. దేనారం ఒక రోజు కూలి, తలాంతు సుమారు 6,000 దేనారాలు. అంటే మాఫీ అయినది ఆరు కోట్ల రోజుల కూలి. అతడు వదలలేకపోయినది మూడు, నాలుగు నెలల కూలి.

తనను సిలువ వేసినవారిని క్షమించమని యేసు చేసిన ప్రార్థన లూకా సువార్తలో ఉంది. కొన్ని ప్రాచీన ప్రతుల్లో ఆ వాక్యం కనిపించదు. రాళ్ల దెబ్బలకు చనిపోతూ తొలి క్రైస్తవ హతసాక్షి స్తెఫను చేసిన ప్రార్థన కూడా ఇదే తీరున సాగుతుంది.

తొలి సంఘం నుంచి సంస్కరణ దాకా

తగాదాపడినవారు రాజీపడేదాకా రొట్టె విరిచే ఆరాధనకు రాకూడదని తొలినాటి నియమగ్రంథం ‘దిదకే’ చెప్పింది. అసలు చిక్కు క్రీ.శ. 250లో వచ్చింది. దేవతలకు బలి అర్పించాలని రోమా చక్రవర్తి డెసియస్ ఆజ్ఞాపించగా చాలామంది క్రైస్తవులు లొంగిపోయారు. తరువాత తిరిగి వస్తామన్నవారిని చేర్చుకోరాదని రోములో నొవేషియన్ అనే గురువు పట్టుబట్టి వేరుపడ్డాడు. ప్రాయశ్చిత్తం చేయించి చేర్చుకోవచ్చని కార్తేజ్ బిషప్ సిప్రియన్ వాదించాడు. సంఘంలో రెండో వైఖరే నిలిచింది.

1215లో నాలుగో లాటరన్ సభ ఏటా కనీసం ఒకసారి పాపసంకీర్తనం (గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవడం) చేయాలని నియమించింది. పాపశిక్షను తగ్గించే పత్రాలకు సొమ్ము పుచ్చుకోవడాన్ని మార్టిన్ లూథర్ 1517లో ఎదిరించాడు. తూర్పు ఆర్థడాక్స్ సంఘాల్లో నలభై రోజుల ఉపవాసానికి ముందు వచ్చే ఆదివారం సాయంత్రం గురువులతో సహా అందరూ ఒకరికొకరు తలవంచి మన్నింపు కోరే ఆచారం నేటికీ ఉంది.

1569లో నెదర్లాండ్స్‌లో అనాబాప్టిస్టు శాఖకు చెందిన డిర్క్ విల్లెమ్స్ చెర నుంచి పారిపోతున్నాడు. తరుముతున్న భటుడు మంచు పగిలి నీటిలో పడగా వెనక్కి వచ్చి రక్షించాడు. శత్రువుపై పగ పట్టని ఆ డిర్క్‌నే మళ్లీ పట్టుకుని, సజీవదహనం చేశారు.

ఆధునిక కాలం

అన్యాయంపై కోపం సహజమేననీ, అది పగగా మారడమే దోషమనీ ఆంగ్లికన్ గురువు జోసెఫ్ బట్లర్ 1726లో ప్రచురించిన ప్రసంగాల్లో వివరించాడు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ముగిశాక ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షతన ఏర్పడిన సత్య, సయోధ్య కమిషన్ క్షమను రాజకీయాల్లోకి తెచ్చింది. రాజకీయ నేరాలను పూర్తిగా వెల్లడించినవారికి శిక్ష నుంచి మినహాయింపు ఇచ్చే వీలుండేది. పశ్చాత్తాపం మాత్రం షరతు కాదు.

1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు కొడుకులను వాహనంలోనే దహనం చేశారు. హంతకులను క్షమించానని ఆయన భార్య గ్లాడిస్ ప్రకటించారు. క్షమ వేరు, నేరానికి చట్టం విధించే ఫలితం వేరు అనీ ఆమె స్పష్టం చేశారు. 1995లో మధ్యప్రదేశ్‌లో హత్యకు గురైన సిస్టర్ రాణీ మరియ కేసులో ఆమె చెల్లెలు జైలుకు వెళ్లి హంతకుడికి రాఖీ కట్టారు.

విమర్శలు

క్షమ పేరుతో బాధితుల నోరు మూయిస్తున్నారన్నది ప్రధాన విమర్శ. గృహహింస, చర్చిల్లో జరిగిన లైంగిక అత్యాచారాల విషయంలో ఇది బలంగా వినిపించింది. పశ్చాత్తాపం అడగని క్షమాబోధను జర్మన్ వేదాంతి డీట్రిఖ్ బాన్‌హోఫర్ 1937లోనే ‘చవక కృప’ అని తప్పుపట్టాడు. క్షమించినంత మాత్రాన మళ్లీ కలిసి బతకనక్కర్లేదనీ, శిక్ష రద్దు కానక్కర్లేదనీ నేటి వేదాంతులు పలువురు చెబుతారు.

తెలుగులో

తెలుగు బైబిల్లోని ప్రభువు ప్రార్థన ‘ఋణము’ అన్న మాటను నిలుపుకుంది. కతోలికుల జపంలో అది ‘అప్పు’. గుడ్ ఫ్రైడే నాడు, యేసు సిలువపై పలికిన ఏడు మాటలపై జరిగే ప్రసంగాల్లో మొదటిది క్షమ గురించే. వాడుక తెలుగులో ‘క్షమాపణ’ అంటే తప్పు చేసినవాడు చెప్పుకునేది. సంఘ భాషలోని ‘పాపక్షమాపణ’ క్షమించేవాడు ఇచ్చేది. మన్నింపు ముందా, పశ్చాత్తాపం ముందా అన్న పాత వాదంలోని రెండు పక్షాలూ ‘క్షమాపణ’ అనే ఈ ఒక్క మాటలోనే ఉన్నాయి.